అమ్మకి ఇంగ్లిష్ 'వెరీ వెల్' వచ్చు

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి తెలుగు బ్యాలెట్ ఎందుకండీ? చాలా బాధ్యతతో అడుగుతున్నాను. మనం ఈ దేశంలో అడుగుపెట్టిందే ఇంగ్లిష్ చూపించి. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని, మా ఇంట్లో ఒకరికి అది సరిగా రాదని ప్రభుత్వానికి రాసివ్వాలా? పెళ్లి సంబంధాలు చూసే ఇల్లు మాది.

చట్టం మంచిదే, కాదనను. 1965 నాటి ఓటు హక్కు చట్టానికి 1975లో 203వ సెక్షన్ చేర్చారు. ఒక కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి దాంట్లో, ఒకే భాషా వర్గానికి చెంది, ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చిన ఓటు వయసు పౌరులు 10,000 మందికి మించినా, 5 శాతం దాటినా, అక్కడ ఎన్నికల కాగితాలన్నీ వాళ్ల భాషలోనూ ఇవ్వాలి. అక్షరాస్యత గురించి ఇంకో మెలిక ఉందిగానీ, మన కథకి అది అక్కర్లేదు. సెన్సస్ వాళ్లు 5 ఏళ్లకోసారి ఈ లెక్క తేలుస్తారు. ఆ లెక్కలో మనం తెలుగువాళ్లం కాము, 'ఏషియన్ ఇండియన్'లం. అందరం ఒకే మూట. మూట బరువు తూగితే అందులోంచి ఏ భాష తియ్యాలో కౌంటీ ఇష్టం. 2011లో అలా తూగినప్పుడు షికాగో ఉన్న కుక్ కౌంటీ హిందీ తీసింది, న్యూయార్క్‌లోని క్వీన్స్ బెంగాలీ తీసింది. ఇంగ్లిష్ రాని కాకినాడ పెద్దాయనకి హిందీలో బ్యాలెట్ చేతికిస్తే చాలదా? జాతీయ సమైక్యత కోసం మన దేశంలో ఎంత ఖర్చు పెట్టినా ఇంత పని జరగలేదు.

ఇంతకీ ఎవరికి ఎంత ఇంగ్లిష్ వచ్చో వాళ్లకెలా తెలుస్తుందంటారా? మనమే చెబుతాం. ఏటా సుమారు 35 లక్షల ఇళ్లకి సెన్సస్ సర్వే ఫారం వెళ్తుంది. ఒకసారి మాకూ వచ్చింది. ఇంట్లో ఒక్కొక్కరి గురించీ అడుగుతారు: ఇంట్లో ఇంగ్లిష్ కాక వేరే భాష మాట్లాడతారా, ఇంగ్లిష్ ఎలా మాట్లాడతారు? వెరీ వెల్, వెల్, నాట్ వెల్, నాట్ ఎట్ ఆల్. నాలుగు గడులు. 'వెరీ వెల్' తప్ప ఏది టిక్కు పెట్టినా ఇంగ్లిష్ తక్కువ వచ్చినవాళ్ల లెక్కలో పడతారు. ఒట్టి 'వెల్' పెట్టినా సరే.

అమ్మ వంటింట్లో పోపు వేస్తోంది. "అమ్మా, నీకు ఇంగ్లిష్ వచ్చా?" అని కేకేశాను.

"ఆ దుకాణంలో బిల్లు కట్టించుకునే పిల్లకి థాంక్యూ చెబుతానుగా," అంది.

వెరీ వెల్ మీద టిక్కు పెట్టాను. ఆవిడ మీద గౌరవంతోనే.

అమ్మ పౌరురాలైంది మాత్రం తెలుగులోనే. 55 దాటి, గ్రీన్ కార్డు మీద 15 ఏళ్లు ఉన్నవాళ్లకి ఇంగ్లిష్ పరీక్ష ఉండదు. రాజ్యాంగం, కాంగ్రెస్, ప్రెసిడెంట్ గురించి సొంత భాషలో జవాబు చెబితే చాలు. పక్కన దుబాసీని పెట్టుకుని గడగడా చెప్పేసింది. నాకు ఇప్పటికీ సెనేటర్లు ఎంతమందో ఆవిడనే అడగాలి. ఇంగ్లిష్ లేకుండా పౌరసత్వం ఇచ్చి ఇంగ్లిష్‌లో బ్యాలెట్ పంపడం నాకు వింతగా ఏమీ అనిపించలేదు. విస్తరి వేశారు కదా, వడ్డన కూడా కావాలంటే ఎలా?

కాలిఫోర్నియా కొంచెం అతి చేస్తుంది. రాష్ట్ర చట్టం ప్రకారం శాంటా క్లారా లాంటి చోట్ల తెలుగులోనూ బ్యాలెట్ నమూనా దొరుకుతుంది. అయితే దాని మీద ఓటు వెయ్యకూడదు. తెలుగుది చూసి ఇంగ్లిష్ దాని మీద గుర్తు పెట్టాలి. కళ్లకి తెలుగు, చేతికి ఇంగ్లిష్. మేము దాన్ని అడగలేదు. వెరీ వెల్ వచ్చినవాళ్లం అడిగితే బావుండదు.

మనదేశంలో మొదటి ఎన్నికలకి, 1951-52లో, చదువు రానివాళ్ల కోసం ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, మీద గుర్తు అంటించారు. అమ్మ కూడా ఊళ్లో ఉన్నన్నాళ్లూ గుర్తు చూసే ఓటేసింది. ఇక్కడ గుర్తుల్లేవు, పుస్తకం ఉంది. 2024 నవంబరులో జనం నేరుగా అవునో కాదో ఓటెయ్యాల్సిన రాష్ట్ర ప్రతిపాదనలే 10. డైనింగ్ టేబుల్ మీద ఉప్మా పక్కకి జరిపి, 2వ నంబరుది అమ్మకి వివరించాను. బడుల కోసం 1,000 కోట్ల డాలర్ల బాండ్లు.

"బాండ్లంటే?"

"అంటే... ప్రభుత్వం డబ్బు సమకూర్చుకుంటుందమ్మా."

"అప్పు అనరాదూ? వడ్డీ ఎంత? ఎవరు తీరుస్తారు?"

ఇంగ్లిష్ వెరీ వెల్ వచ్చిన నాకు ఈ మూడు ప్రశ్నలూ తట్టలేదు. మీటింగ్ ఉందని చెప్పి, మిగతావి నేనే చకచకా నింపేశాను. ఇదంతా చట్టబద్ధమే సుమా. చదవలేని ఓటరు తనకి నచ్చిన మనిషి సాయం తీసుకోవచ్చని అదే ఓటు హక్కు చట్టంలోని 208వ సెక్షన్ చెబుతోంది. పనిచేసే చోట యజమాని గానీ, అతని మనిషి గానీ, యూనియన్ మనిషి గానీ కాకూడదు, అంతే. ఆ చట్టం రాసినవాళ్లకి యజమాని మీద అనుమానం వచ్చింది, యూనియన్ మీద వచ్చింది, కొడుకు మీద మాత్రం రాలేదు. రహస్య ఓటింగ్ అంటే మా ఇంట్లోదే. ఎవరికి పడిందో అమ్మకి కూడా తెలియదు.

2025 మార్చిలో ట్రంప్ గారు ఇంగ్లిష్‌ని అధికార భాషగా ప్రకటించారు. ఆ ఉత్తర్వుతో 203వ సెక్షన్ పోలేదు, 2032 దాకా గడువుంది. మా ఇంట్లో మాత్రం ఆ ఉత్తర్వు ఎప్పటినుంచో అమల్లో ఉంది.

బ్యాలెట్ పోస్టులో పంపే కవరు మీద సంతకం దగ్గర చిన్న పొరపాటు జరిగింది. అమ్మ అలవాటుగా తెలుగులో పెట్టబోతుంటే నేనే ఆపి ఇంగ్లిష్‌లో పెట్టించాను. పది రోజులకి ఉత్తరం వచ్చింది. ఓటరుగా నమోదైనప్పటి సంతకంతో ఇది కలవలేదట, సరిచేసి పంపమన్నారు. ఉత్తరం ఇంగ్లిష్‌లోనే ఉంది, నేనే చదివి వినిపించాను.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని, పెన్ను నా చేతిలోంచి తీసుకుంది. "నువ్వు లే. ఆ కుర్చీ ఇలా ఇవ్వు."