వాగ్దాన కార్డుగారికి ఒక విన్నపము

ప్రభువునందు ప్రియమైన వాగ్దాన కార్డుగారికి,

సికింద్రాబాద్ నుంచి మీ అభిమాని ఒకడు వ్రాయు వందనములు. మీరు క్షేమమని తలుస్తాను. క్షేమం కాక ఏముంటుంది లెండి, మీ మీద అచ్చయ్యే బైబిలు వాక్యాలన్నీ క్షేమ సమాచారాలే కదా.

డిసెంబరు 31 రాత్రి మీ వైభవం చూడాలండీ. ఊళ్ళో ఫ్లైఓవర్లన్నీ మూసేసి, పోలీసులు డ్రంక్ అండ్ డ్రైవ్ మిషన్లు పట్టుకుని నిలబడి ఉంటారు. మేం మాత్రం కొత్త బట్టల మీద స్వెట్టర్లు వేసుకుని, పిల్లల చెవులకు మఫ్లర్లు చుట్టి చర్చిలో వాచ్ నైట్ సర్వీసుకు వస్తాం. పాటలవుతాయి, సాక్ష్యాలవుతాయి, అయ్యగారి గంటన్నర వాక్యం అవుతుంది. పన్నెండు కొడుతుంది. అప్పుడు వస్తారు మీరు, స్టీలు పళ్ళెంలో బోర్లా పడుకుని. అంతసేపూ వెనక కుర్చీల్లో కునుకు తీసినవాళ్ళు కూడా ఠక్కున లేచి లైన్లో నిలబడతారు. కళ్ళు మూసుకుని, లోపల్లోపల ఏదో అనుకుని, ఈ ఏటికి మా వాగ్దానం ఇదేనని ఒక్కటి తీస్తాం. ఫుట్‌పాత్ మీద చిలక జోస్యం చెప్పించుకునేవాళ్ళను చూసి, పాపం అజ్ఞానం అనుకుంటూ తల తిప్పుకునేది కూడా మేమే. మన దగ్గర చిలక లేదు, అంతే తేడా.

మీలో చెడ్డవారంటూ ఎవరూ ఉండరు. అయినా పెళ్ళికీ, ఇంటికీ, వీసాకీ దేనికీ తగలని కార్డు వస్తే, 'ఇది మా బాబు పేరు మీద' అంటూ ఇంకోటి తీసే ఆంటీలున్నారు. బాబు డల్లాస్‌లో ఉన్నాడు. అక్కడి తెలుగు చర్చిలో అతనూ ఒకటి తీసే ఉంటాడు. ఏది ముందు నెరవేరితే అది.

మీది పాత వంశమేనని నాకు తెలుసు. ఇప్పుడు మనం వాడే కొత్త నిబంధన వచనాల నంబర్లు వేసింది రాబర్ట్ ఎస్టియెన్ అనే ఫ్రెంచి ప్రింటర్, 1551లో. వెతుక్కోవడానికి వీలుగా ఉంటుందని వేశాడు పాపం. కత్తిరించుకోవడానికి కూడా అంతే వీలని ఊహించి ఉండడు. తర్వాత 1728లో, జర్మనీలో హెర్న్‌హూట్ అనే చిన్న ఊళ్ళో, జిన్జెన్‌డార్ఫ్ అనే జమీందారు తన సంఘానికి రోజుకో వాక్యం ఇవ్వడం మొదలుపెట్టాడు. 1731 నుంచి ఆ వాక్యాలు ఏటా పుస్తకంగా వస్తున్నాయి. ఇప్పటికీ చీటీలు తీసే వాటిని ఎంచుతారు. కాబట్టి చీటీ తీయడం మా సంఘం కొత్తగా కనిపెట్టిన పాపమేమీ కాదు. కాకపోతే ఆ ఊళ్ళో ఆ పూట వాక్యం పట్టుకుని సహోదరులు ఇంటింటికీ నడిచి వెళ్ళేవాళ్ళట. వాక్యం చెప్పి, ఇంట్లోవాళ్ళ బాగోగులు కనుక్కుని వచ్చేవాళ్ళట. మీ వాట్సాప్ అవతారంలో ఆ నడక ఒక్కటే తగ్గింది. పొద్దున ఐదున్నరకల్లా గులాబీ పువ్వు మీద 'నేటి వాగ్దానం', దాని కింద 'ఆమెన్ అని టైప్ చేయండి'. పంపిన బ్రదర్ ఉండేది మా పై ఫ్లోర్‌లోనే. లిఫ్టులో ఎదురైతే ఫోన్లో తల పెట్టేస్తాడు. బహుశా ఎవరికో ఫార్వర్డ్ చేస్తుంటాడు.

మీలో అందరికంటే పేరున్నవారు యిర్మీయా 29:11 గారు. 'అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు.' పెళ్ళి పత్రికల మీదా ఆయనే, గృహప్రవేశం ఫ్లెక్సీల మీదా ఆయనే, గోడ గడియారాల మీదా ఆయనే. ఆ మాట ఎవరితో అన్నారో మాత్రం మీ మీద అచ్చు వేయరు. బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరమది. దాని పై వచనంలోనే ఉంది, డెబ్బై సంవత్సరాలు గడిచాక అని. ఆ ఉత్తరం చదువుతుండగా విన్న నలభై ఏళ్ళ మనిషికి, తాను మళ్ళీ సొంత ఊరు చూడనని ఆ క్షణమే తెలిసిపోయి ఉంటుంది. మరి అంతవరకూ ఏం చేయమన్నాడయ్యా అంటే, ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మల్ని పట్టుకుపోయిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థన చేయండి అన్నాడు. శత్రువుల ఊరి కోసం! మేం అదే వచనాన్ని పట్టుకుని, మార్చి నెలాఖరుకల్లా హెచ్1బీ లాటరీ తగలాలని క్లెయిమ్ చేసుకుంటాం.

ద్వితీయోపదేశకాండము 28 గారి సంగతి ఇంకా ముచ్చట. 'యెహోవా నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు.' ప్లాట్లు అమ్మే ఆఫీసులో రిసెప్షన్ వెనక గోడంతా బంగారు రంగులో కనిపించింది. ఆ అధ్యాయంలో 68 వచనాలున్నాయి. ఆశీర్వాదాలు 14వ వచనంతో అయిపోతాయి. 15 నుంచి ఆఖరుదాకా మాట వినకపోతే వచ్చే శాపాలే. మీ అచ్చాఫీసు వాళ్ళకు 14 దాటి పేజీ తిప్పే తీరిక చిక్కినట్టు లేదు.

ఇక 91వ కీర్తన. 'నీ మార్గములన్నిటిలో నిన్ను కాపాడుటకు ఆయన నిన్ను గూర్చి తన దూతలను ఆజ్ఞాపించును.' ఇది బండ్ల మీద ఉంటుంది. మెహిదీపట్నంలో ఒకాయన ముగ్గురిని ఎక్కించుకుని, హెల్మెట్ లేకుండా, రాంగ్ రూట్లో నా మీదికే వస్తున్నాడు. హెడ్‌లైట్ పైన ఇదే స్టిక్కర్. ఈ వాగ్దానాన్ని ఉన్న చోటి నుంచి ఊడబీకి, యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు నీకేం కాదు అన్నది సాతానని మత్తయి 4లో రాసే ఉంది. వాగ్దానాల వాడకంలో మా అందరికంటే అతనే సీనియర్. దూతల సంగతేమో గానీ, ఆ బండాయనకు చలానా మాత్రం ఫొటోతో సహా వచ్చే ఉంటుంది.

యోహాను 16:33ని మాత్రం మీరు సగానికి కోసేశారు, అది నాకు నిజంగానే కష్టమనిపించింది. 'ధైర్యము తెచ్చుకొనుడి, నేను లోకమును జయించియున్నాను' అని ఉంచుకున్నారు. దానికి ముందు 'లోకములో మీకు శ్రమ కలుగును' అని ఉంది కదా. అదీ వాగ్దానమే, చెప్పిందీ ఆ యేసే, పైగా తప్పకుండా నెరవేరుతున్నదీ అదే. అది ఏ పళ్ళెంలోనూ కనబడదు.

ఇలా అంటున్నానని వాక్యానికి బలం లేదంటున్నానని అనుకునేరు. మా బస్తీలో నాలుగిళ్ళలో పనిచేసే అక్క ఒకామె ఉంది. చదువు రాదు. ప్రార్థన కూడికల్లో విని విని 23వ కీర్తన మొత్తం నోటికి పట్టేసింది. భర్త ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వార్డు బయట మెట్ల మీద కూర్చుని అదే చెప్పుకునేది. పచ్చికగల చోట్లు చెప్పినంత నిదానంగానే గాఢాంధకారపు లోయ కూడా చెప్పేది. పక్కన కూర్చున్న వేరే పేషెంట్ల వాళ్ళు, మన మతం కానివాళ్ళు కూడా, ఇంకోసారి చెప్పమ్మా అని అడిగి చెప్పించుకునేవాళ్ళు. ఆయన పోయాడు. తర్వాతి ఆదివారం ఆమె చర్చికొచ్చి నిలబడి మళ్ళీ అదే కీర్తన చెప్పింది. అందులో తీసేయాల్సిన మాట ఆమెకు ఒక్కటీ కనబడలేదు. ఆ లోయ దాటించడానికి నాలుగు లైన్లు సరిపోయిన మనిషిని నేను చూశాను కార్డుగారూ. ఆమె దగ్గర మీరెవరూ లేరు, ఉన్నా చదవలేదు.

బయటికొచ్చాక సంఘ పెద్ద ఒకాయన ఆమెతో ఏమన్నాడో తెలుసా? 'వాగ్దానాన్ని గట్టిగా పట్టుకోలేదమ్మా, నోటితో నెగెటివ్ మాట ఏదో వచ్చుంటుంది.' ఆయన బైబిల్ కవరు మీద మీ బంధువే ఉన్నారు, 'జీవమరణములు నాలుక వశము' అని. ఆ మాట ఆమెకు తగిలిన చోటు నాకు కనబడింది, ఆయనకు కనబడలేదు.

ఈ నెగెటివ్ మాటల భయం గురించి కూడా ఒకటి చెప్పాలి. ఇప్పుడు మా సంఘంలో ఎవరికీ జ్వరం రావడం లేదు. ముక్కు కారుతూ, వణుకుతూ, 'స్వస్థత పొందేశాను బ్రదర్' అంటారు. అప్పులవాడు గేటు దగ్గర నిలబడితే 'ఆశీర్వాదం దారిలో ఉంది' అంటారు. మా నాయనమ్మ కాలంలో ఈ డ్యూటీ తథాస్తు దేవతలు చేసేవాళ్ళు. మేం వాళ్ళకు బాప్తిస్మమిచ్చి సంఘంలో చేర్చుకున్నాం. ఇంత జాగ్రత్తగా వాడే ఆ నాలుకే, సర్వీసయ్యాక పార్కింగులో స్కూటీల దగ్గర ఎంత స్వేచ్ఛగా తిరుగుతుందో చూడాలి. 'ప్రేయర్ కోసమే చెప్తున్నా సిస్టర్, ఎవరితో అనకు, వాళ్ళ రెండో అమ్మాయి...' ఆ అమ్మాయి కోసం ప్రార్థన చేసినవాళ్ళెవరో తెలియదు గానీ, ఆదివారం సాయంత్రానికి సంగతి ఉప్పల్ దాటిపోయింది.

అందుకే నా విన్నపం. రాణిగంజ్ దగ్గర బైబిల్ హౌస్ స్టాపులో దిగితే, ఆ పుస్తకంలో ముప్పై ఒక్క వేలకు పైగా వచనాలు కుట్టి అమ్ముతారు. మీరు తిరిగి తిరిగి అవే కొన్ని వేసుకుంటున్నారు. ఈ ఏడు పళ్ళెంలో కొత్తవాళ్ళను నలుగురిని కలపండి.

'కూలివాని కూలి మరునాటి వరకు నీయొద్ద ఉంచుకొనకూడదు.' లేవీయకాండము 19:13. ఇది మా అపార్ట్‌మెంట్లు కట్టించే బ్రదర్‌కు రావాలి. అడ్డా మీది కూలీలు నెలల తరబడి ఆయన చుట్టూ తిరుగుతున్నారు, ఆయన చర్చికిచ్చే దశమభాగం మాత్రం ఒక్కరోజు ఆలస్యం కాదు. 'మనుష్యులు పలుకు వ్యర్థమైన ప్రతిమాటనుగూర్చియు విమర్శదినమున లెక్క చెప్పవలసియుండును' అన్నదాన్ని పార్కింగు బ్యాచ్‌కు ఒక కట్ట ఇచ్చేయండి, పంచుకుంటారు. 'మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు' అన్నది కమిటీ వాళ్ళకు. యాకోబు 2:16 అందరికీ పనికొస్తుంది. ఒంటికి కావలసింది ఇవ్వకుండా, సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి అంటే ఏం ప్రయోజనమని అడుగుతాడు అందులో. చలికాలమే కాబట్టి సందర్భం కూడా కుదురుతుంది.

ఈ సంగతి మా సంఘ కమిటీ మీటింగులో పెట్టాను. అచ్చు ఖర్చు కూడా నాదే అన్నాను. వద్దని ఒక్కరూ అనలేదు. సెక్రటరీగారు ఎంతో ప్రేమగా నా భుజం మీద చెయ్యి వేసి, 'మంచి భారం బ్రదర్, దీని గురించి ప్రార్థన చేద్దాం' అన్నారు.

ఇట్లు,
ప్రభువునందు మీ సహోదరుడు,
సికింద్రాబాద్

తా.క.: పోయిన ఏడాది నాకొచ్చిన కార్డు వెనక ఒక జువెలరీ షాపు అడ్రసు, ఫోను నంబరు అచ్చయి ఉన్నాయి. తరుగు మీద పదిహేను శాతం తగ్గింపట. అది కూడా క్లెయిమ్ చేసుకోవచ్చా, లేక ముందువైపుకే వర్తిస్తుందా, దయచేసి తెలియజేయగలరు.