అన్నా, స్టాండ్!

మొన్న పట్టపగలు పదకొండింటికి అమీర్‌పేట నుంచి ఎర్రగడ్డ వెళ్తుంటే, ఆ కాస్త దూరంలోనే ఏడుగురు నాకు చెయ్యి చూపించారు. మీరనుకునేలాంటి చెయ్యి కాదు. ఐదు వేళ్ళూ దగ్గరకి ముడిచి, విప్పి, మళ్ళీ ముడిచి, మందారం విచ్చుకుంటున్నట్టు చూపిస్తారే, అది. బండి నడిపేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, "బాబూ, పగటిపూట నీ లైటు వెలుగుతోంది, ఆర్పుకో" అని దానర్థం. నా బండికి లైటు ఆర్పే స్విచ్చే లేదు. 2017 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త టూవీలర్లన్నిటికీ ఇంజిన్ స్టార్ట్ అయితే చాలు లైటు దానంతటదే వెలగాలని రూలు పెట్టారు, ఎదుటివాళ్ళకి బండి కనపడాలని. ఆ ఏడుగురికీ నా బండి కనపడింది కాబట్టే చెయ్యి చూపించారు, అంటే రూలు బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టే. అయినా వాళ్ళ మొహాల్లో ఆదుర్దా చూశాక కాదనలేక, ఏడోసారి మాత్రం ఏదో ఆర్పినట్టు నటిద్దామని హ్యాండిల్ మీద చేతికందిన స్విచ్ నొక్కాను. అది హారన్. ముందున్న ఆటోవాడు ఉలిక్కిపడి అడ్డంగా తిప్పాడు.

బండి ఎలా నడపాలి, ఎలా చూసుకోవాలి అని బోలెడు వ్యాసాలు వస్తుంటాయి. అన్నీ చదివాను. అందరూ చేసే పొరపాటు ఒక్కటే, బండి మీద కూర్చున్నవాడి క్షేమం వాడే చూసుకోవాలనుకోవడం. ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్న అనుభవంతో (లైసెన్సు తీసుకుని పద్దెనిమిదేళ్ళే) చెబుతున్నాను, మన దగ్గర అది ఊరుమ్మడి పని. పూర్వం ఊళ్ళో అందరూ కలిసి చెరువు పూడిక తీసుకునేవాళ్ళే, అలాంటిదన్నమాట. నా బండిని నేను తప్ప అందరూ కనిపెట్టుకుని ఉంటారు.

స్టాండు సంగతే చూడండి. సైడ్ స్టాండ్ వేసి ఉండగానే బండి కదిలిస్తే, ఎడమవైపు మలుపులో వాలగానే అది నేలకి తన్ని మనిషిని లేపి అవతల పారేస్తుంది. ఇది ప్రాణాల మీదకొచ్చే విషయమని నాకూ తెలుసు. కానీ నేనెందుకు గుర్తుపెట్టుకోవాలి? మా వీధి చివర ఇస్త్రీ బండి దాటేలోపు ఎవరో ఒకరు "అన్నా, స్టాండ్!" అని అరుస్తారు. బస్టాపులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న కుర్రాడు, కూరగాయల బండి అవ్వ, స్కూల్ వ్యాన్ కిటికీలోంచి రెండో క్లాసు పిల్ల, ఎవరైనా సరే. పక్క ఫ్లాట్‌లో ఉన్నాయన పేరు తెలియని ఊళ్ళో, ముక్కూ మొహం తెలియనివాడి స్టాండు గురించి ఇంత తాపత్రయం ఇంకెక్కడైనా ఉందా? ఇప్పుడొచ్చే బళ్ళు చాలావాటిలో స్టాండు తీయకుండా గేరు వేస్తే ఇంజిన్ ఆగిపోతుందట. నాకు నచ్చలేదు. ఒక చిన్న సెన్సర్ పెట్టి ఇంతమంది మంచితనానికి పనిలేకుండా చేస్తారా?

మూడోది చున్నీ. బట్టలు చుట్టుకోకుండా బండికి వెనక చక్రం సగమైనా కప్పేలా గార్డు ఉండాలని, వెనక కూర్చున్నవాళ్ళకి పట్టుకోవడానికి ఆసరా, కాళ్ళు పెట్టుకోవడానికి చోటు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో రాసే ఉంది. షోరూమ్‌వాళ్ళు బిగించే ఇస్తారు. మా మేనల్లుడు కొత్త బండి కొన్న వారానికే లుక్ పోతోందని ఆ గార్డుని ఊడబీకేశాడు. వృథా పోలేదు లెండి, వాళ్ళమ్మ దాన్ని బాల్కనీ గ్రిల్లుకి కట్టి చిక్కుడు తీగ పాకించింది, ఈసారి కాపు బాగుంది కూడా. ఇక వాడి వెనక కూర్చునే అమ్మాయి చున్నీ సంగతంటారా? దానికి "అక్కా, చున్నీ! చున్నీ!" అని వెంటపడి హారన్ కొట్టుకుంటూ వచ్చి చెప్పేవాళ్ళు ఎటూ ఉన్నారు. చట్టం పెట్టిన ఇనుప ముక్క ఉన్నచోటే ఉంటుంది, జనం మాత్రం మన పక్కనే ఎనభైలో వస్తూ కూడా చెబుతారు.

ఇంత శ్రద్ధగల జనం ఒక్కమాట మాత్రం ఎప్పుడూ అనరు. "అన్నా, హెల్మెట్ పెట్టుకో" అని. పగటి లైటు వల్ల నాకు పోయేదేమీ లేదు, దానికి ఏడుగురు చెప్పారు. తల గురించి ఇరవై రెండేళ్ళలో ఒక్కరూ అడగలేదు. మొదట్లో బాధేసింది. తర్వాత అర్థమైంది, అది వ్యక్తిగత విషయం, జీతమెంత అని అడగొచ్చు కానీ తలకేం పెట్టుకున్నావని అడగడం మర్యాద కాదు. దాని బదులు ఇంకో సాయం చేస్తారు. ఎదురొచ్చేవాళ్ళు లైటు రెండుసార్లు కొట్టి, బొటనవేలు వెనక్కి చూపిస్తారు, ముందు పోలీసులు ఆపుతున్నారని. అంతే, ఇరవై బళ్ళు ఒక్కసారి రోడ్డు పక్కకి ఒదిగి, మోచేతుల నుంచి, ట్యాంకుల మీద నుంచి, అద్దాల నుంచి హెల్మెట్లు తలల మీదకి ఎక్కుతాయి. స్ట్రాప్ బిగించే వ్యవధి ఉండదు. సిగ్నల్ దాటగానే తీసెయ్యాల్సిందే కదా, బిగించడం దేనికి.

హెల్మెట్ గురించి శాస్త్రం ఏం చెబుతుందో కూడా చెప్పకపోతే అన్యాయం. పైన కనపడే గట్టి డిప్పదే గొప్ప అనుకుంటాం కానీ అసలు పనిచేసేది లోపలి థర్మకోల్. తల వెళ్ళి తగిలినప్పుడు అది నలిగి, ఆ దెబ్బని కాస్త సాగదీసి, మెదడుకి చేరే అదురు తగ్గిస్తుంది. ఒకసారి నలిగిందంటే దాని పని అయిపోయినట్టే, బయటికి చెక్కుచెదరనట్టు కనపడినా మార్చెయ్యాలి. ఐఎస్ 4151 అనే ప్రమాణం ప్రకారం ఐఎస్ఐ మార్కు లేనివి తయారు చెయ్యకూడదు, అమ్మకూడదు అని 2021 జూన్ నుంచి రూలు. నేను ఫ్లైఓవర్ కింద రెండొందలకి కొన్నాను. ఐఎస్ఐ మార్కు ఉంది, స్టిక్కర్. గోటితో గీకితే వచ్చేసింది, జాగ్రత్తగా పర్సులో దాచాను, ఎవరైనా అడిగితే చూపించొచ్చని. పైగా దీనికి థర్మకోల్ లేదు, అందువల్ల నలుగుతుందన్న టెన్షనూ లేదు. చెవికీ దానికీ మధ్య ఫోన్ దూర్చితే గట్టిగా పట్టి ఉంచుతుంది, అరగంట మాట్లాడినా జారదు. అంతకన్నా ఏం కావాలి?

వెనక కూర్చునేవాళ్ళకి హెల్మెట్ ఎందుకని నేనూ అందరిలాగే అడిగేవాణ్ణి, వాళ్ళు నడపట్లేదుగా. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో హెల్మెట్ లేక చనిపోయినవాళ్ళు 50,029 మంది, అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. వాళ్ళూ నడపలేదు.

సరే, చలానాల దగ్గరికొద్దాం, అవి నాకు బాగా తెలిసిన సబ్జెక్టు. 2019లో చట్టం మార్చి హెల్మెట్ లేకపోతే 1000 రూపాయలు, మూడు నెలలు లైసెన్సు రద్దు అన్నారు. మనకి అంత పట్టింపు లేదు. తెలంగాణలో పాత చలానాలు పేరుకుపోయాయని 2022 మార్చిలో టూవీలర్లకి 75 శాతం తగ్గించారు, మళ్ళీ 2023 డిసెంబరు చివర్లో 80 శాతం. ఆషాఢం సేల్‌లో చీరలక్కూడా ఇంత తగ్గించరు. అప్పటికి వెంటవెంటనే కట్టేసిన మా కొలీగ్ ఒకాయన ఇప్పటికీ ఆ మాట ఎత్తితే భోజనం సహించదంటాడు. నిజాయితీ అంటే అలాగే ఉంటుంది మరి. నేను మాత్రం తర్వాతి ఆఫర్ కోసం చూస్తున్నాను. ఈలోగా మా బావమరిది వెనక కూర్చుంటే చాలు, కెమెరా కనపడగానే కాలు వెనక్కి మడిచి నంబర్ ప్లేటు కప్పేస్తాడు. యాభై దాటినా ఆ ఒళ్ళు అంత తేలిగ్గా వంగుతుందంటే బండి వల్లే.

మెయింటెనెన్స్‌ది కూడా ఇదే పద్ధతి. కొన్నప్పుడే పెద్దమ్మ గుడికి తీసుకెళ్ళి, దండేసి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం. ఆవిడకి అప్పగించాక మధ్యలో మనం వేలు పెడితే నమ్మకం లేనట్టు కాదూ? చైన్ కవర్ మీద గాలి ఎంతుండాలో రాసి ఉంది, ముందు 25, వెనక 28, ఇద్దరుంటే వెనక ఇంకా ఎక్కువ. బంకులో గాలి కొట్టే కుర్రాడు "ఎంత పెట్టమంటారు?" అంటే "చూసి పెట్టు" అంటాను, వాడు టైరుని బొటనవేలితో నొక్కి "ఉంది సార్" అంటాడు. ఇద్దరం తృప్తిగా విడిపోతాం.

చైను మాత్రం వీధిలో నా పరువు తీసింది. అది ఏడాదిగా ఒకరకమైన గజ్జెల చప్పుడు చేస్తోంది. నాకైతే బాగానే ఉంది, మలుపు తిరగ్గానే మా ఆవిడకి వినపడి కుక్కర్ పెట్టేస్తుంది. ఒకరోజు బండి ఆగిపోయింది. మెకానిక్ స్టూలు లాక్కుని కూర్చుని, చైను కింద ఒక వేలు పెట్టి పైకి లేపాడు. అది అలా పైకి వచ్చేసింది, మూడంగుళాలు. అంగుళం ఆడితే ఎక్కువట.

"ఎప్పుడు తుడిచారు సార్?"

"వానలు పడ్డాయి కదా మొన్న."

ఏమీ అనలేదు. స్ప్రాకెట్, అదే చైను తిరిగే పళ్ళ చక్రం, విప్పి నా చేతిలో పెట్టాడు. పళ్ళన్నీ అరిగి, ఒకవైపుకి వంగి, రంపంలా ఉన్నాయి. "ఇది ఏ స్పీడులోనో తెగి వెనక చక్రంలో పడుంటే..." అని ఆపేశాడు. ఐదొందల కిలోమీటర్లకోసారి తుడిచి నాలుగు చుక్కలు ఆయిల్ వేస్తే ఇంకో రెండేళ్ళు వచ్చేదట. నేను కొంచెం చొరవ తీసుకుని, కాలిన ఇంజిన్ ఆయిల్ ఉంటే పోయమన్నాను, ఖర్చు కలిసొస్తుందని. "మీ కూరలోకి నిన్నటి నూనె పోస్తారా సార్?" అన్నాడు. పోస్తామని చెప్పలేక ఊరుకున్నాను.

అప్పుడే అతను ముందు బ్రేకు లివర్ పట్టి చూసి ఆశ్చర్యపోయాడు. బండి 2018ది, లివర్ మాత్రం షోరూమ్‌లో ఉన్నట్టే మెరుస్తోంది. కారణం మా బాబాయి. సైకిల్ నేర్పేటప్పుడు "ముందు బ్రేకు పట్టావో, మూతిపళ్ళు రాలిపోతాయిరా" అన్నాడు. అంతే, జీవితంలో మళ్ళీ ముట్టుకోలేదు. బ్రేకు వేయగానే బరువంతా ముందుకి తోసుకొచ్చి ముందు చక్రం రోడ్డుని గట్టిగా కరుచుకుంటుందని, వెనక చక్రం తేలికైపోయి ఊరికే జారుతుందని, అందుకే బండిని ఆపే శక్తి ఎక్కువగా ముందు బ్రేకులోనే ఉందని మెకానిక్ చాలాసేపు చెప్పాడు. రెండూ కలిపి, ముందుది మెల్లగా బిగిస్తూ పట్టాలట. నేను విన్నాను. కానీ పెద్దల మాట పెద్దల మాటే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ లోపు కొత్త బళ్ళకి వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పడేలా పెట్టాలన్నారు. మా బాబాయి లాంటివాళ్ళు దేశమంతా ఉన్నారని సర్కారుకి తెలిసిపోయినట్టుంది.

ఇక పోయిన నెల జరిగింది కూడా చెప్పేస్తాను, ఎలాగూ మా కాలనీలో అందరికీ తెలుసు. సాయంత్రం, కూరలు తెస్తున్నాను. హెల్మెట్ యథాప్రకారం ఎడమ మోచేతికి ఉంది. మలుపులో ఎవరో ఇల్లు కట్టుకుంటూ ఇసుక రోడ్డు మీదకి పోశారు, సరిగ్గా అప్పుడే కుక్క అడ్డొచ్చింది. వెనక బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాను. చక్రం బిగుసుకుపోయి, మెకానిక్ చెప్పినట్టే, మాట తప్పకుండా జారింది. నేను కుడివైపు, టమాటాలు అన్నివైపులా.

తల నేలకి జానెడు దూరంలో ఆగింది. కుడి మోచెయ్యి చర్మం ఇసుకలో ఉంది. ఎడమ మోచేతికి గీత కూడా పడలేదు. ఆ పడుకున్న చోటి నుంచే ఆలోచించాను, హెల్మెట్ ఉన్న మోచెయ్యి క్షేమం, లేని మోచెయ్యి ఇలా ఉంది, అంటే మనిషికి ఒక్కటి చాలదు, రెండు కొనాలి.

ఈలోపు ఊరంతా పరిగెత్తుకొచ్చింది. అన్నాను కదా, మన జనం బంగారం. ఒకాయన బండి లేపి స్టాండు వేశాడు. ఇంకొకాయన "లైటు ఆర్పండి, బ్యాటరీ పోతుంది" అన్నాడు. ఒకావిడ మంచినీళ్ళు తెచ్చింది, పిల్లలు టమాటాలు ఏరారు. కాలవ దాకా దొర్లిపోయిన హెల్మెట్‌ని ఒక కుర్రాడు వెతికి తెచ్చి, చొక్కా అంచుతో దుమ్ము తుడిచి, "జాగ్రత్త అన్నా" అంటూ మెల్లగా నా మోచేతికి తగిలించాడు. దెబ్బ తగిలిన చేతికి కాదు లెండి, రెండోదానికి.