హాస్పిటల్ ఆర్డర్ పడితే తప్పించుకున్నట్టు కాదు

ఇంగ్లండ్‌లో ఎవరో మనిషిని చంపిన కేసులో జైలు బదులు హాస్పిటల్ ఆర్డర్ పడిందని వార్త రాగానే మన తెలుగు గ్రూపుల్లో కామెంట్లన్నీ ఒకేలా ఉంటాయి. పిచ్చి నాటకమాడి తప్పించుకున్నాడని, లోపల మంచం, టీవీ, మూడు పూటలా తిండి, అదంతా మన టాక్సుల డబ్బేనని. నేను ఇక్కడ ఒక మీడియం సెక్యూర్ ఆసుపత్రిలో, అంటే తాళాలూ కాపలా మధ్యస్థాయిలో ఉండే మానసిక ఆసుపత్రిలో, సోషల్ వర్కర్‌ని. తీవ్రమైన మానసిక జబ్బుతో నేరం చేసినవాళ్ళ మధ్య, నేరారోపణ మీద వచ్చినవాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి పని చేస్తున్నాను. రెండు లైన్ల కామెంట్‌లో తేలే విషయం కాదని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను, పొడుగైనా ఓపికపట్టి చదవండి.

ముందు ఆ తప్పించుకోవడం సంగతి. ఇక్కడ మర్డర్ రుజువైతే జడ్జికి యావజ్జీవం వేయడం తప్ప వేరే దారి లేదు. హాస్పిటల్ ఆర్డర్ వచ్చేది జబ్బు వల్ల మనిషి ఆలోచన దెబ్బతిందని తేలి, నేరం మాన్‌స్లాటర్ (మర్డర్ కంటే తక్కువ స్థాయి నరహత్య) కిందకి వచ్చినప్పుడు, లేదా దాడి, ఇంటికి నిప్పు పెట్టడం లాంటి కేసుల్లో. 1983 మెంటల్ హెల్త్ యాక్ట్ సెక్షన్ 37 కింద ఇద్దరు డాక్టర్లు చెబితే కోర్టు ఆసుపత్రికి పంపుతుంది. బయటికొస్తే జనానికి తీవ్రమైన హాని జరగొచ్చని క్రౌన్ కోర్టుకి అనిపిస్తే దాని మీద సెక్షన్ 41, అంటే ఆంక్షల ఉత్తర్వు కూడా వేస్తుంది. ఈ 41 పడ్డాక ఆఖరి తేదీ అంటూ ఉండదు. 2007 సవరణకి ముందు ఇన్నేళ్ళు అని గడువు పెట్టే వీలైనా ఉండేది, ఇప్పుడు అదీ లేదు. పదేళ్ళు శిక్ష పడ్డవాడు గోడ మీద క్యాలెండర్ పెట్టుకుని రోజులు కొట్టేసుకోవచ్చు, మా పేషెంట్‌కి కొట్టేయడానికి తేదీ ఏది? ఇద్దరు స్టాఫ్‌ని వెంటబెట్టుకుని పక్క వీధి కొట్టుకి వెళ్ళి చాక్లెట్ కొనుక్కోవాలన్నా డాక్టర్ ఒప్పుకుంటే సరిపోదు, లండన్‌లో న్యాయశాఖ అనుమతి రావాలి. ఆ కాగితం కోసం వారాలకు వారాలు ఎదురుచూసినవాళ్ళు నాకు తెలుసు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1800లో జేమ్స్ హాడ్‌ఫీల్డ్ అనే మాజీ సైనికుడు లండన్ డ్రూరీ లేన్ థియేటర్‌లో మూడో జార్జి రాజు మీద కాల్పులు జరిపాడు. మతి సరిగా లేదని కోర్టు అతన్ని నిర్దోషిగా తేల్చింది. అలా వదిలేస్తే ఎలా అని పార్లమెంటు హడావిడిగా అదే ఏడాది క్రిమినల్ లూనాటిక్స్ యాక్ట్ చేసి, రాజుగారికి ఎప్పుడు దయ కలిగితే అప్పటిదాకా లోపలే ఉంచమంది. హాడ్‌ఫీల్డ్ 1841లో నిర్బంధంలోనే చనిపోయాడు. 1863లో బ్రాడ్‌మూర్ తెరిచారు, తర్వాత రాంప్టన్, ఆష్‌వర్త్. ఇంగ్లండ్‌లో హై సెక్యూర్ ఆసుపత్రులు ఈ మూడే. వాటి కింద మాలాంటి మీడియం సెక్యూర్‌లు, ఆ కింద లో సెక్యూర్‌లు.

2023 జూన్‌లో నాటింగ్‌హామ్‌లో ముగ్గురిని పొడిచి చంపిన కేసు మీకు గుర్తుండే ఉంటుంది, చనిపోయినవాళ్ళలో భారతీయ మూలాలున్న అమ్మాయి కూడా ఉంది. 2024 జనవరిలో చంపినతనికి 37/41, అంటే ఆ రెండు సెక్షన్లూ కలిపి పడినప్పుడు ఆ కుటుంబాలకి వచ్చిన కోపాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు. కానీ అక్కడ జరిగిందేంటో చూడండి. అతన్ని సెక్యూర్ ఆసుపత్రి వదిలేయలేదు. జబ్బు ముదిరినవాడు, మందులు సరిగా వేసుకోనివాడు టీమ్‌కి అందకుండా పోతే, 2022లో కమ్యూనిటీ టీమ్ (ఆసుపత్రి బయట పేషెంట్లని చూసే మానసిక వైద్య బృందం) కేసు మూసేసి జీపీకి, అంటే మామూలు ఫ్యామిలీ డాక్టర్‌కి అప్పజెప్పింది. అంటే వదిలేసింది నేరానికి ముందు. సాయం చేయాల్సిన సమయంలో తలుపు మూసేసి, ఘోరం జరిగాక ఎన్నేళ్ళైనా లోపల పెట్టడానికి మాత్రం వ్యవస్థ సిద్ధంగా ఉంటుంది. నా కోపం దీని మీద.

ఇక నా పని. మా ఆసుపత్రి చుట్టూ 5.2 మీటర్ల కంచె ఉంటుంది. ఒక తలుపు మూసుకున్నాకే రెండోది తెరుచుకుంటుంది. నడుముకి తాళాలు, అలారం. భోజనం అయ్యాక చెంచాలూ కత్తులూ లెక్కపెడతారు. భయం వేయదా అని అడుగుతారు. జాగ్రత్త ఉంటుంది, అది వేరు. వార్డులో ఎక్కువ భాగం మనుషులు తమకి తామే ప్రమాదంగా ఉన్నవాళ్ళు, సిగ్గుతో చచ్చిపోతున్నవాళ్ళు. మందులు పని చేసి మనసు తేటపడ్డాక, తాము చేసింది మొదటిసారి పూర్తిగా అర్థమైనప్పుడు ఆ మనిషి పడే నరకం చూస్తే నాటకం అనే మాట మీ నోటికి రాదు.

డాక్టరు మందు చూస్తాడు, సైకాలజిస్టు మనసు చూస్తారు, ఆ మనిషికి బయట మిగిలి ఉన్న బతుకుని చూసే పని సోషల్ వర్కర్‌ది. పోలీసులు పట్టుకెళ్ళిన రోజు నుంచి అతని కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) ఫ్లాట్ అద్దె ఆగిపోయి ఉంటుంది. ఫ్రిజ్‌లో కూర కుళ్ళిపోతుంటుంది. పిల్లి ఉంటే అది ఎక్కడుందో కనుక్కోవాలి. ఫ్లాట్ ఖాళీ చేయించే ముందు తల్లి ఫోటోలూ పాస్‌పోర్టూ చెత్తలోకి పోకుండా తీసుకురావాలి. బెనిఫిట్, అంటే ప్రభుత్వం ఇచ్చే భృతి ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అన్నది ఒక పెద్ద చిక్కు: 37 మీద వచ్చినవాడికి వస్తుంది, జైలు శిక్ష నడుస్తుండగా 47/49 మీద వచ్చినవాడికి రాదు. ఒకే వార్డు, పక్కపక్క గదులు, ఒకడి దగ్గర షాంపూకి డబ్బుంటుంది, రెండోవాడి దగ్గర ఉండదు. పిల్లలున్నవాళ్ళని పిల్లలు చూడటానికి రావచ్చా లేదా అని అంచనా వేసేది కూడా మేమే. ఆష్‌వర్త్‌లో ఒక చిన్నపిల్లని పేషెంట్ల దగ్గరికి తీసుకెళ్తుండేవారని 1999లో ఫాలన్ విచారణలో బయటపడ్డాక ఈ రూల్స్ బాగా గట్టిపడ్డాయి, గట్టిగానే ఉండాలి. ఆ నిర్ణయం రాసిన రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టదు.

అన్నిటికంటే బరువైన భాగం కుటుంబాలు. బయటివాళ్ళకి తెలియనిది ఏంటంటే, ఇలాంటి కేసుల్లో దెబ్బ తిన్నది చాలాసార్లు ఇంట్లోవాళ్ళే. కొడుకు జబ్బులో తండ్రిని చంపాడనుకోండి. ఆ తల్లి ఎవరు? భర్తని పోగొట్టుకున్న బాధితురాలు, లోపలున్న పేషెంట్‌కి అమ్మ కూడా. బాధితుల హక్కుల మీద వచ్చిన 2004 చట్టం ప్రకారం విక్టిమ్ లయజన్ ఆఫీసర్ (బాధితులతో మాట్లాడే అధికారి) ఆవిడకి ఫోన్ చేసి, కొడుకు విడుదలైతే మీ ఇంటి చుట్టుపక్కలకి రాకుండా షరతు పెట్టమంటారా అని అడుగుతారు. అదే వారం నేను ఫోన్ చేసి, ఆదివారం చూడటానికి వస్తారా అని అడుగుతాను. రెండు ప్రశ్నలకీ ఆవిడ నిజాయితీగానే జవాబు చెబుతుంది, ఆ జవాబులు ఒకదానికొకటి పొసగవు. పొసగాలని అడిగే హక్కు మనకెక్కడిది? పైగా మామూలు సెక్షన్ మీద ఉన్న పేషెంట్ దగ్గరి బంధువుకి చట్టం కొన్ని అధికారాలు ఇస్తుంది. 41 పడ్డవాళ్ళ కుటుంబానికి అవేవీ ఉండవు. ఆ మాట తల్లికి మొదటిసారి చెప్పేది కూడా సోషల్ వర్కరే.

ట్రిబ్యునల్ మీకు తెలియకపోవచ్చు, పేషెంట్‌ని వదలాలా వద్దా అని తేల్చేది అదే. హాస్పిటల్ ఆర్డర్ పడ్డాక మొదటి ఆరు నెలలు అప్పీలు పెట్టుకోలేరు, తర్వాత ఆరు నెలల్లో ఒకసారి, ఆపై ఏడాదికోసారి. జడ్జి, డాక్టరు, ఇంకో సభ్యుడు కూర్చుంటారు. నేను సోషల్ సర్కమ్‌స్టాన్సెస్ రిపోర్ట్ (బయట అతని బతుకు పరిస్థితుల మీద నివేదిక) రాసి, పేషెంట్ ఎదురుగానే సాక్ష్యం చెప్పాలి. "ఇవాళ ఇతన్ని వదిలితే రాత్రికి ఎక్కడ పడుకుంటాడు?" అన్నది నాకు ఎప్పుడూ ఎదురయ్యే ప్రశ్న. ఇక్కడే అసలు కథ మొదలవుతుంది.

ఆసుపత్రి నుంచి బయటికొచ్చేవాళ్ళకి సెక్షన్ 117 కింద ఉచితంగా ఆఫ్టర్‌కేర్, అంటే విడుదల తర్వాతి సాయం ఇవ్వాల్సింది కౌన్సిలూ, ఎన్‌హెచ్‌ఎస్‌ (ప్రభుత్వ వైద్య సేవ) కలిసి. ఏ కౌన్సిల్ అన్న దగ్గర గొడవ. ఆయన మావాడు కాదు, మీ దగ్గర ఉండేవాడు అని ఈమెయిళ్ళ మీద ఈమెయిళ్ళు. ఇలాంటి ఒక తగాదా, వూస్టర్‌షైర్‌కీ స్విండన్‌కీ మధ్యది, సుప్రీంకోర్టు దాకా పోయి 2023 ఆగస్టులో తేలింది. రెండు ప్రభుత్వ సంస్థలు ప్రజల డబ్బుతో లాయర్లని పెట్టుకుని నువ్వు కట్టు అంటే నువ్వు కట్టు అనుకున్నాయి. అంత పెద్ద కేసులైతే అరుదు, కానీ చిన్న చిన్న తగాదాలు మాకు రోజువారీ. కౌన్సిల్ తేలాక ఇల్లు దొరకాలి. సపోర్ట్ ఉన్న ఇల్లు, ఇరవై నాలుగు గంటలూ స్టాఫ్ ఉండే ఇల్లు, అది బాధితుల ఊరికి దూరంగా. ఆ హౌసింగ్ వాళ్ళు నేరం పేరు చదవగానే వద్దంటారు. ఇంటికి నిప్పు పెట్టిన కేసు అయితే ఇక అంతే, ఇన్సూరెన్స్ ఒప్పుకోదు అని ఒక్క ముక్కలో జవాబు. డాక్టరు రెడీ, ట్రిబ్యునల్ రెడీ, మనిషి రెడీ. బయట ఉండటానికి చోటు లేక ఇంకో చలికాలం వార్డులోనే.

2018లో ఎంఎం కేసు అని ఒకటి వచ్చింది. నిప్పు పెట్టిన నేరం మీద ఏళ్ళుగా లోపలున్న మనిషి, "నన్ను బయట ఇంట్లో ఉంచండి, ఎప్పుడూ పక్కన ఒకరు లేకుండా గుమ్మం దాటను" అని తనే ఒప్పుకుంటానన్నాడు. స్వేచ్ఛని పూర్తిగా తీసేసే షరతుతో డిశ్చార్జి చేసే అధికారం చట్టంలో లేదని సుప్రీంకోర్టు చెప్పింది. సూత్రం ప్రకారం అది సరైనదే కావచ్చు, కానీ దాని వల్ల అలాంటివాళ్ళు కొందరు కాగితం మీద ఆసుపత్రి పేషెంట్లుగానే ఉండి, పొడుగాటి సెలవు మీద బయట బతకాల్సి వచ్చింది. పార్లమెంటు ముందే సరిచేయాల్సిన చట్టం లోపాన్ని మోసింది వాళ్ళు.

నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే: ఒక పేషెంట్ విడుదలై తప్పు చేస్తే విచారణ, పేపర్ల హెడ్‌లైన్లు, మంత్రి ప్రకటన, సోషల్ వర్కర్ రిజిస్ట్రేషన్ మీద టెన్షన్. అదే మనిషిని అవసరం తీరాక మూడేళ్ళు ఎక్కువ ఉంచితే ఎవరూ అడగరు. ఏ పేపరూ రాయదు. ఎవరికీ నోటీసు రాదు. అందుకని అందరూ, మంచివాళ్ళు కూడా, ఇంకో ఆరు నెలలు చూద్దాం అనే వైపే మొగ్గుతారు. ఆ ఆరు నెలలు ఎవరివి? వాళ్ళమ్మ ఆరోగ్యం పాడైన ఆరు నెలలు కావచ్చు, కూతురు తండ్రి ముఖం మర్చిపోయిన ఆరు నెలలు కావచ్చు. మీటింగ్‌లో రిస్క్ గురించి మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, ఉండాలి కూడా. పోతున్న ఆ కాలానికి లెక్క అడిగే మనిషి గదిలో ఒకరైనా ఉండాలి, అది సోషల్ వర్కరే కావాలని నా నమ్మకం.

ఆ నష్టం అందరికీ సమానం కూడా కాదు. ఇంగ్లండ్‌లో మెంటల్ హెల్త్ యాక్ట్ కింద బ్లాక్ జనాన్ని నిర్బంధించే రేటు తెల్లవాళ్ళకంటే మూడు రెట్లకి పైగానే ఉంది. 1998లో డేవిడ్ బెనెట్ అనే నల్లజాతి పేషెంట్ నార్విచ్‌లోని మీడియం సెక్యూర్ క్లినిక్‌లో నర్సులు నేలకేసి అదిమిపట్టినప్పుడు చనిపోయాడు. అంతకుముందు ఇంకో పేషెంట్ అతన్ని రంగు పేరుతో తిట్టాడు. వార్డు మార్చింది మాత్రం బెనెట్‌ని. మానసిక వార్డుల్లో బలప్రయోగం మీద ప్రత్యేక చట్టం రావడానికి 2018 దాకా పట్టింది, అదీ ఓలసేని లూయిస్ అనే ఇంకో యువకుడు 2010లో పోలీసుల చేతుల్లో అదే తీరుగా పోయాక. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఈ రెండు పేర్లూ తెలుసుకోకుండా వార్డు తాళాలు చేతికి తీసుకోకూడదు.

మన దేశం ఇంకా ఘోరం అంటారా? అస్సాంలో మచాంగ్ లాలుంగ్ అనే తివా గిరిజనుడిని 1951లో అరెస్టు చేసి తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి పంపారు. 1967లోనే కోలుకున్నాడని అక్కడివాళ్ళు రాసిచ్చినా వదల్లేదు, గువాహటి జైలుకి మార్చారు. విచారణ జరగలేదు. 2005లో ఒక్క రూపాయి బాండ్ మీద బయటికొచ్చాడు, 54 ఏళ్ళ తర్వాత. రెండేళ్ళకే పోయాడు. ఆ 54 ఏళ్ళలో కోర్టుకో ఉత్తరం రాసి, ఊరెళ్ళి బంధువుల్ని వెతికే మనిషి ఒక్కడుంటే? 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 103వ సెక్షన్ ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక ఆరోగ్య కేంద్రం ఉండాలంటోంది. తెలంగాణలో, ఆంధ్రలో ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి, వీసా ఎలా వస్తుందని నాకు మెసేజ్ చేసే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ తప్పకుండా జవాబిస్తాను. కానీ ఎర్రగడ్డలోనూ, విశాఖలోనూ, మన జైళ్ళలోనూ ఈ పనికి మనుషులు ఇక్కడికంటే ఎక్కువ కావాలి, అది కూడా ఆలోచించండి.

చివరగా, యూకేలో ఉన్న తెలుగు కుటుంబాలకి. మీ ఇంట్లో అబ్బాయో అమ్మాయో ఇలాంటి యూనిట్‌లో ఉంటే పరువు పోతుందని ముఖం చాటేయకండి. వార్డుకి ఫోన్ చేసి సోషల్ వర్కర్‌ని అడగండి. ఇంగ్లీషు ఇబ్బంది అయితే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి, మీరు డబ్బులు కట్టక్కర్లేదు. పేషెంట్ ఒప్పుకుంటే సీపీఏ మీటింగ్‌కి (చికిత్స, సంరక్షణ ప్రణాళిక మీద టీమ్ అంతా కూర్చునే సమావేశం) రావచ్చు, గుంటూరు నుంచో వరంగల్ నుంచో వీడియోలో కలిసినా ఏర్పాటు చేయమని అడగొచ్చు. పేషెంట్ వివరాలు బయటపెట్టడానికి ఒప్పుకోకపోయినా మీరు చెప్పేది వినడానికి మాకు ఏ అడ్డూ లేదు. జబ్బుకి ముందు ఆ పిల్లవాడు ఎలా ఉండేవాడో, ఏం వండితే తినేవాడో, ఎవరి మాట వినేవాడో మా ఫైల్లో ఉండదు, అది చెప్పగలిగేది మీరే. నాకు మెసేజ్ చేయాలనుకుంటే చేయండి, పేర్లు రాయొద్దు.