ఏడు చుక్కల డికాక్షన్

మా ఇంట్లో కాఫీ కలిపే హక్కు మా ఆవిడది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నాకు ఆ హక్కు ఒక్కసారీ దక్కలేదు. దక్కాలని నేనూ అడగలేదు, మొన్న అరకు వెళ్ళొచ్చేదాకా.

అరకు తప్పేం లేదు. కిరండూల్ బండిలో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలూ, ఆ చెట్లకే ఎగబాకిన మిరియాల తీగలూ చూశాం. తోట చూపించినతను ఎర్రటి పండు ఒకటి కోసి నా చేతిలో పెట్టాడు. నొక్కితే జిగురులోంచి రెండు గింజలు జారాయి, ఒక పక్క బల్లపరుపుగా, రెండో పక్క ఉబ్బుగా. ఒక్కోసారి పండులో ఒకే గింజ పడుతుందట. పోటీ లేదు గనక ఒక్కగానొక్క కొడుకులా బొద్దుగా, గుండ్రంగా పెరుగుతుంది. పీబెర్రీ అంటే అదే. ఇన్నాళ్ళూ అదేదో ఊరి పేరనుకున్నాను.

మా ఆవిడ పావుకిలో మిరియాలు కొని ఊరుకుంది. నేను అరకిలో వేయించిన గింజలూ, వాటితోపాటు కొంత జ్ఞానమూ కొనుక్కొచ్చాను. గింజలు డబ్బాలో పోశాను. జ్ఞానం దాచడానికి డబ్బా దొరకలేదు.

"చికోరీ అంటే కాఫీయే కాదు తెలుసా? అదో మొక్క తాలూకు వేరు. మన రూల్సు ప్రకారం కాఫీ చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతం ఉంటే చాలు. అంటే బొటాబొటి మెజారిటీ. ప్రతిపక్షానికి 49 సీట్లు!"

మా ఆవిడ కూర తరుగుతూ, "ఇరవై రెండేళ్ళుగా ఆ ప్రతిపక్షాన్నే కదండీ రెండో గ్లాసు అడిగి మరీ తాగుతున్నారు," అంది.

మరదలి సీమంతం ముందుపెట్టుకుని ఆవిడ రెండు రోజులు ముందే గుంటూరు వెళ్ళిపోయింది. సీమంతం రోజు పొద్దున రాజమండ్రి నుంచి పెదనాన్న వస్తారనీ, స్నానం చేయించి, కాఫీ ఇచ్చి, జాగ్రత్తగా వెంటబెట్టుకు రమ్మనీ చెప్పింది. "పొడి నీలం మూత డబ్బాలో ఉంది. మూడు చెంచాలు. మీ ప్రయోగాలు మాత్రం వద్దు," అని గడప దాటాక మళ్ళీ వెనక్కొచ్చి మరీ చెప్పింది.

పెద్దమావయ్యగారి గురించి కొంచెం చెప్పాలి. సైన్సు మాస్టారుగా రిటైరయ్యారు. ప్లాంటేషన్ అనే రకం గింజలూ, పీబెర్రీ చెరి సగం, కిలోకి రెండొందల గ్రాముల చికోరీ, కళ్ళముందు మర ఆడిస్తేనే పొడి. పాలు ఒక పొంగుకే దించాలి. డికాక్షన్ రెండోసారి వేడిచేసిన ఇంటికి మళ్ళీ వెళ్ళరు. పెళ్ళికి వెళ్ళొచ్చాక పెళ్ళికూతురు ఎలా ఉందని అడిగితే, డికాక్షన్ పల్చగా ఉందంటారు. అలాంటి మనిషికి నీలం మూత డబ్బాలోని పొడితో కాఫీ ఇవ్వడమా? 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న అరకు గింజలు చేతిలో ఉండగా!

ఆ రోజు తెల్లారుజామున అయిదింటికే లేచాను. చేత్తో తిప్పే చిన్న మర ఒకటి కొన్నానులెండి. పావుగంట తిప్పితే చెంచాడు పొడి వచ్చింది, భుజం పోయింది. ఇక లాభం లేదని మిక్సీ చిన్న జారు తీశాను. అందులో అంతకుముందు మా ఆవిడ కందిపొడి కొట్టినట్టుంది. గుడ్డతో తుడిచాను. బాగానే తుడిచాననుకున్నాను.

మిక్సీ తిప్పుతుంటే ఆ వాసనకి నాకు నేనే శభాష్ అనుకున్నాను. గింజ ఎంత నలిగితే సారం అంత దిగుతుంది కదా అని నా లెక్క. రవ్వలా అయినప్పుడు ఆపలేదు. పిండిలా అయినప్పుడూ ఆపలేదు. ఆపేసరికి అది విభూతిలా ఉంది. మూత తీస్తే పొగలా లేచింది.

ఫిల్టరు మా అత్తగారిచ్చింది, స్టీలుది. పై గిన్నె కింది గిన్నెలో బిగుతుగా కూర్చుంటుంది. పొడి మూడు చెంచాలు కాదు, అయిదు వేశాను. కాడ ఉన్న చిల్లుల బిళ్ళని దానిమీద పెట్టి కాస్త నొక్కాను. ఆ నొక్కుడు చాలదనిపించి పచ్చడి బండతో నొక్కాను. అంచుదాకా మరిగే నీళ్ళు పోసి, పై గిన్నెని కిందిదాంట్లోకి గట్టిగా దిగ్గొట్టి, మూత పెట్టి, నిలబడి కాసేపు చూశాను. టైము ఆరుంబావు.

ఆరున్నరకి మావయ్యగారు దిగారు. స్నానం చేసి, సీమంతానికని తెచ్చుకున్న జరీ అంచు కొత్త పంచె కట్టుకుని, హాల్లో ఫ్యాను కింద పేపరు పట్టుకు కూర్చున్నారు. ఆ పంచె ఎంత తెల్లగా ఉందంటే హాల్లో లైటు ఆర్పేశాను.

"పాలు స్టౌ మీద పెట్టి రెండు నిమిషాల్లో వస్తాను మావయ్యగారూ."

"నాకేం తొందర అల్లుడుగారూ, నిదానంగా కానివ్వండి."

వంటింట్లోకెళ్ళి పై గిన్నె ఎత్తబోయాను. రాలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. పైన గుళగుళమంది. కింద నిశ్శబ్దం. డాక్టరు గుండె విన్నట్టు నాలుగు వైపులా విన్నాను. ఎక్కడా చుక్క పడుతున్న చప్పుడు లేదు. అప్పడాల కర్రతో మూతమీద తట్టాను. ఉదయాన్నే గుళ్ళో గంటలా మోగింది తప్ప ఇంకేం జరగలేదు.

"ఎడిటోరియల్ బావుందోయ్," అన్నారు హాల్లోంచి.

పెద్దవాళ్ళు కాఫీ ఏదని అడగరు. పేపర్లో ఎక్కడిదాకా వచ్చారో చెబుతారు. పది నిమిషాలకి ఆటలపేజీ అన్నారు. ఆ తర్వాత పెళ్ళి సంబంధాలు చదివి, వైద్యశాఖలో పనిచేసే వరుడికి ఏమేం కావాలో పైకి వినిపించారు. చివరికి, "నిన్నటి పేపరేమైనా ఉందా?" అన్నారు. నాకు చెమటలు పట్టాయి.

కాలం గడపడానికి బయటికొచ్చి బాబా బుడన్ అనే సూఫీ సాధువు కథ ఎత్తుకున్నాను. 17వ శతాబ్దంలో ఆయన హజ్‌కి వెళ్ళొస్తూ యెమెన్ నుంచి ఏడంటే ఏడు కాఫీ గింజలు దాచి తెచ్చి, చిక్కమగళూరు దగ్గర కొండల్లో నాటాడని చెబుతారు. ఆ ఏడు గింజలే మన దేశపు కాఫీ తోటలకి మూలమని చేతులు తిప్పుతూ చెప్పాను. మావయ్యగారు ఓపిగ్గా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆ ఏడింట్లో మనకో గింజైనా మిగిలిందా నాయనా?" అన్నారు.

ఇక దాచి లాభం లేదని గుంటూరుకి ఫోన్ కొట్టాను.

"ఏ పొడి వేశారు?"

"నేనే పట్టాను."

కాసేపు ఏమీ వినిపించలేదు. వెనకాల ఎవరో గాజులు లెక్కపెడుతున్నారు.

"చేత్తో ముట్టుకుంటే ఎలా ఉంది? సన్న రవ్వలా తగులుతోందా?"

"అసలు తగలదు. అంత మెత్తగా ఉంది."

"అయ్యో రామ! బిళ్ళ నొక్కారా?"

"కొద్దిగా."

"దేంతో?"

అబద్ధం చెబుదామనుకున్నాను. "పచ్చడి బండతో."

"ఏవండీ, అది డికాక్షనండీ, గోంగూర పచ్చడి కాదు!" అని పెట్టేసింది.

ఫోన్ స్పీకర్‌లో ఉందన్న సంగతి మావయ్యగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉండగా గ్రహించాను. ఆయన ఏమీ అనలేదు. ఫిల్టరు అటూ ఇటూ తిప్పి చూశారు. ముప్ఫయ్యేళ్ళ తర్వాత క్లాసురూములో అడుగుపెట్టినట్టు ముఖం వెలిగింది.

"చూడండి అల్లుడుగారూ. పొడి మట్టిలా బిగుసుకుని చిల్లులు పూడ్చేసింది. మీరేమో పైదాన్ని కిందిదాంట్లోకి దిగ్గొట్టారు. కింద ఉన్న గాలి బయటికి పోతే గదా చుక్క దిగేది? ఇప్పుడా వేడి గాలి చల్లారి ముడుచుకుంది. బయటి గాలి నొక్కి పట్టుకుంది. మాగ్డెబర్గ్ అర్ధగోళాలు చదివారా?"

చదివే ఉంటాను. ఎనిమిదో తరగతిలో కాబోలు.

"జర్మనీలో ఓటో ఫాన్ గెరిక్ అని ఒకాయన. రెండు రాగి చిప్పలు కలిపి లోపలి గాలి తోడేస్తే, అటు ఎనిమిది ఇటు ఎనిమిది గుర్రాలు లాగినా ఊడి రాలేదు."

"మనం ఇద్దరమే కదండీ మావయ్యగారూ."

"పట్టండి."

మొదట తువ్వాలు చుట్టి తిప్పాం. తర్వాత తలుపు సందులో పెట్టి తిప్పాం. తలుపు రంగు పోయింది. ఆ మాట మా ఆవిడకి ఇంకా తెలియదు. కింది గిన్నెని వేణ్ణీళ్ళలో ముంచితే స్టీలు వ్యాకోచిస్తుంది, లోపలి గాలీ వ్యాకోచిస్తుంది, దానంతటదే వదులుతుందని మాస్టారు సిద్ధాంతం చెప్పారు. రెండు నిమిషాలు ముంచాం. ఆయన కింది గిన్నె పట్టుకుని పొట్టకి ఆనించుకున్నారు. నేను పై గిన్నె పట్టుకుని ఒక కాలు వంటింటి గట్టుకి తన్నిపెట్టాను.

"ఒకటి, రెండు..."

సిద్ధాంతం కరెక్టే. మూడు అనకముందే 'టప్'మని ఊడింది. పై గిన్నె నా చేతిలో ఉంది, బోర్లా. మూత ఫ్రిజ్ కిందకి దొర్లింది. గిన్నెలో ఉన్నదంతా గోరువెచ్చగా, గోదావరి వరద రంగులో, ఒక్క చుక్క కూడా వృథా కాకుండా మావయ్యగారి కొత్త పంచెమీదకి దిగింది. గంటన్నర నుంచి నేను ప్రాధేయపడుతున్న డికాక్షన్ పంచెలోంచి ఎంత చక్కగా వడకట్టుకుని నేలమీదకి కారిందో! ఆ నేత ఫిల్టరు చిల్లులకంటే మేలు.

ఇద్దరం కొంతసేపు కదల్లేదు. తర్వాత ఆయన చేతిలో ఉన్న కింది గిన్నెలోకి తొంగిచూశాం. అడుగున నల్లగా మెరుస్తున్నాయి. ఆయనే వేలు పెట్టి లెక్కపెట్టారు.

"ఏడు," అన్నారు.

బాబా బుడన్ ఏడు గింజలతో దేశానికంతా కాఫీ తెచ్చాడు. నేను అరకిలో గింజలు పెట్టుకుని ఏడు చుక్కలు తీశాను. ఆ మాట ఆయన పైకి అనలేదు గానీ, అనుకున్నారని నాకు తెలుసు.

ఆ గొడవలో స్టౌ మీద పాలు పొంగి గట్టంతా పారాయి. నీలం మూత డబ్బా చేతికందేంత దూరంలోనే ఉంది. దానివైపు చూసే ధైర్యం మాత్రం ఇద్దరికీ లేదు. పంచె బకెట్లో నానేశాం. నా పంచెలన్నీ మా ఆవిడ ఎక్కడ పెట్టిందో తెలియలేదు. ఫోన్ చేసి అడిగే పరిస్థితి కాదు. దాంతో ఆయన నా నీలం ట్రాక్ ప్యాంటు వేసుకున్నారు. పక్కనంతా తెల్ల చారలున్నది. పైన పట్టు ఉత్తరీయం.

బస్టాండులో దిగాక, కాఫీ పడక ఆయనకి తలనొప్పి పెరిగింది. అక్కడ టీ తప్ప ఏమీ దొరకలేదు. గాజు గ్లాసు అందుకుని, చుట్టూ ఒకసారి చూసి, అటు తిరిగి తాగారు. "ఇది మనిద్దరి మధ్యే ఉండాలి," అన్నారు. నేను ఒట్టేశాను. ఇదిగో, ఇక్కడ రాసేదాకా ఎవరికీ చెప్పలేదు.

గుంటూరులో మా ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది. పెదనాన్న ముఖం చూసింది, ట్రాక్ ప్యాంటు చూసింది, నన్ను చూసింది. సీమంతానికొచ్చిన ముత్తయిదువలంతా కూడా అదే వరసలో చూశారు.

"కాఫీ తాగారా పెదనాన్నా?" అంది మెల్లగా.

మావయ్యగారు ఉత్తరీయం సర్దుకుని కుర్చీలో కూర్చున్నారు.

"మీ ఆయన డికాక్షన్ చిక్కగానే తీశాడమ్మా," అన్నారు. "కాస్త ఇంగువ ఎక్కువైంది."