ఎస్చీట్: వారసులు లేరని తేల్చేదెవరు?

వీలునామా రాయకుండా, వారసులెవరూ లేకుండా మనిషి పోతే ఆ ఆస్తి ప్రభుత్వానికి వెళుతుంది. ఇంగ్లీషు చట్టంలో దీన్ని ఎస్చీట్ అంటారు. బయట పెద్దగా వినపడని మాటే గానీ, మన రెవెన్యూ వ్యవహారాలకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ విషయం మీద 1974లో తెచ్చిన చట్టం పేరులోనే అది ఉంది.

‘పడటం’ అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిందీ మాట. మధ్యయుగాల ఇంగ్లండులో భూమి మీద అంతిమ హక్కు రాజుది. ఆయన కింద ప్రభువులు, వాళ్ల కింద అనుభవదారులు ఉండేవారు. అనుభవదారుకు వారసుడు లేకపోయినా, ఘోర నేరం చేసి శిక్ష పడినా భూమి తిరిగి ప్రభువు ఒళ్లో పడేది. నేరస్థుల భూమిని రాజు ఏడాది మీద ఒక్క రోజుకు మించి తన దగ్గర ఉంచుకోకూడదని రాజు అధికారాలకు హద్దులు పెట్టిన 1215 నాటి మాగ్నా కార్టా ఒప్పందంలో రాయించుకున్నారంటే ప్రభువులకు రాజు మీద ఎంత అనుమానమో తెలుస్తుంది. ఇలాంటి ఆస్తుల లెక్క చూసే అధికారి ఎస్చీటర్. మోసం అనే అర్థంలో మనమూ వాడే ‘చీట్’ ఈ మాటకు కురచ రూపమే. ఆ అధికారులు ఎంత మంచి పేరు తెచ్చుకున్నారో వేరే చెప్పాలా!

నిజానికి ఆస్తి దానంతటది ఎవరి ఒళ్లోనూ పడదు. ‘వారసులు లేరు’ అని ఎవరో ఒక అధికారి కాగితం మీద రాయాలి. అసలు అధికారమంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది.

మన దగ్గరా ఈ ఆలోచన పాతదే. వారసులు లేని సొత్తు రాజుది, బ్రాహ్మణుడి సొత్తు మాత్రం రాజు ముట్టకూడదు అన్నాడు మనువు. మచిలీపట్నం కలెక్టరుకూ కావలి వెంకట నారాయణప్పకూ నడిచిన వ్యాజ్యంలో ఇదే వాదన అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. వారసులు లేనప్పుడు బ్రాహ్మణుడి ఆస్తయినా ప్రభుత్వానిదేనని 1860లో తీర్పు వచ్చింది. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది కాళిదాసు శాకుంతలం ఆరో అంకం. ఓడ మునిగి చనిపోయిన ధనమిత్రుడికి పిల్లలు లేరు, అతని ధనం రాజగామి, అంటే రాజుకు చెందుతుంది అని మంత్రి రాసి పంపుతాడు. దుష్యంతుడు వెంటనే సంతకం పెట్టలేదు. ధనమిత్రుడి భార్యల్లో గర్భవతి ఎవరైనా ఉన్నారేమో విచారించమన్నాడు. ఉందని తేలింది, గర్భస్థ శిశువుకే ఆస్తి దక్కింది.

1956 హిందూ వారసత్వ చట్టం 29వ సెక్షన్ కూడా అర్హులైన వారసులు లేనప్పుడే ప్రభుత్వాన్ని రానిస్తుంది. అదీ మృతుడి అప్పులూ బాధ్యతలతో సహా తీసుకోవాలి. పైగా ఈ చట్టంలో దాయాదులకు, ఇతర రక్తబంధువులకు ఇన్ని తరాల వరకే అన్న హద్దు లేదు. ఇంగ్లండులో పినతండ్రులు, మేనత్తలు, మేనమామల సంతతి దగ్గర వరుస ఆగిపోతుంది. మన దగ్గర ఎంత దూరపు జ్ఞాతి అయినా ప్రభుత్వం కంటే ముందే ఉంటాడు. అంటే నిజంగా వారసులు లేని హిందువు చాలా అరుదు. హరిద్వార్ కలెక్టరు కేసులో 2017లో సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో గట్టిగానే మాట్లాడింది. వారసులు లేరని రుజువు చేసే భారం ప్రభుత్వానిదేనని, కలెక్టరు తనంతట తాను తేల్చేయడానికి వీల్లేదని చెప్పింది.

ఇవాళ తాళం వేసిన ఇళ్లు ఏ జిల్లాలో లేవు? అన్న కొడుకు డాలస్‌లోనో, చెల్లెలి కూతురు మెల్‌బోర్న్‌లోనో ఉంటారు. చావు కబురు కూడా వాళ్లకు ఆలస్యంగా చేరుతుంది. ఊళ్లో అంటించిన నోటీసు వాళ్ల కంట ఎలా పడుతుంది? ఎవరూ తీసుకోని ఆస్తుల జాబితాను ఇంగ్లండ్ ప్రభుత్వం ఏళ్ల తరబడి ఆన్‌లైన్‌లో పెట్టింది. పన్నెండేళ్ల లోపు వారసులు ముందుకొస్తే దావా వినే ఏర్పాటూ అక్కడుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ మృతుడి పేరు, ఊరు, సర్వే నంబరుతో అలాంటి జాబితా పెట్టాలి. అది పెట్టి తగినంత గడువు ఇచ్చాకే కలెక్టరు కోర్టు గడప తొక్కాలి.