పిల్లల ఫోన్ సరే, పుల్పిట్ ముందున్న కెమెరా సంగతేంటి?

యూత్ మీటింగ్‌లో సోషల్ మీడియా మీద ప్రసంగం ఎలా సాగుతుందో చర్చికి వెళ్లే ఏ టీనేజర్‌ని అడిగినా చెప్పేస్తారు. అన్ని విషయాల్లో స్వాతంత్ర్యం ఉంది గానీ అన్నీ చేయదగినవి కావన్న పౌలు మాటతో మొదలవుతుంది. మధ్యలో అశ్లీల వీడియోలు, అర్ధరాత్రి దాకా రీల్స్, చెడు స్నేహాలు. చివర్లో పడకగదిలో ఫోన్ పెట్టుకోవద్దు, రోజుకు ఇంత సేపు దాటొద్దు, మంచి క్రైస్తవ పేజీలు ఫాలో అవ్వండి అన్న సలహాలు. అన్నీ మంచివే. అయితే ముగింపు ప్రార్థన అయ్యాక కూడా ప్రసంగీకుడి చేతిలో మైకు ఉంటుంది. 'ఈ సందేశం మన ఛానెల్లో పెడతాం. లైక్ చేయండి, షేర్ చేయండి, సబ్‌స్క్రైబ్ చేయడం మర్చిపోవద్దు.' ముప్పావు గంట ప్రసంగం కంటే ఆ అరనిమిషం ప్రకటనే పిల్లల బుర్రలో నిలుస్తుంది. ప్రసంగంలో ఉన్నది ఉపదేశం, ప్రకటనలో ఉన్నది ఆచరణ.

చట్టాల సంగతి పాఠకులకు తెలిసిందే. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేసింది. ఉల్లంఘించే కంపెనీలకు 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల వరకు జరిమానా పెట్టింది. మిగతా దేశాలు ఆ వైపే చూస్తున్నాయి. రోజుకు మూడు గంటలకు మించి సోషల్ మీడియాలో గడిపే టీనేజర్లకు మానసిక ఆరోగ్య సమస్యల ముప్పు రెట్టింపుగా కనిపిస్తోందని అప్పటి అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యంపై ప్రభుత్వం తరఫున మాట్లాడే ప్రధాన వైద్యాధికారి) వివేక్ మూర్తి 2023లోనే హెచ్చరించారు. వయసు గురించి ఇంత చర్చ జరుగుతోంది గానీ, సోషల్ మీడియా ఖాతాకు 13 ఏళ్లు నిండాలంటూ ఇన్నేళ్లుగా నడుస్తున్న ఆ గీత ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగరు. 13 ఏళ్లలోపు పిల్లల వివరాలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించకూడదని 1998లో అమెరికా ఒక చట్టం చేసింది. ఆ అనుమతుల తలనొప్పి ఎందుకని కంపెనీలు 13 దగ్గర గడప కట్టుకున్నాయి. మన పిల్లల మనసు ఎప్పుడు పక్వమవుతుందో ఆలోచించి గీసిన గీత కాదది.

ఈ వయసు లెక్కలన్నీ పక్కన పెడితే, క్రైస్తవ కుటుంబాలు అసలు ప్రమాదాన్ని తప్పు చోట వెతుకుతున్నాయని నా వాదన. పిల్లలు ఏం చూస్తున్నారన్న దాని చుట్టూనే మన భయాలన్నీ తిరుగుతున్నాయి. వాళ్లను ఎవరు చూస్తున్నారు, ఆ చూపుల కోసం వాళ్లు ఎంతగా మారిపోతున్నారు అన్నది మన ప్రసంగాల్లోకి రానే రాదు. ఫేస్‌బుక్ లైక్ బటన్ 2009లో వచ్చింది. అంతకుముందు మనిషికి మెప్పు ఉండేది, దానికి లెక్క ఉండేది కాదు. ఆ కంపెనీ తొలి అధ్యక్షుడు షాన్ పార్కరే 2017లో బహిరంగంగా ఒప్పుకున్నారు, మనిషి మనసులోని బలహీనతను తెలిసే వాడుకున్నామని. ఫోటో పెట్టిన ప్రతిసారీ కాస్త ఆమోదం, మళ్లీ పెట్టాలన్న కోరిక, మళ్లీ ఆమోదం. 2021లో ఆ కంపెనీ మాజీ ఉద్యోగి ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన అంతర్గత పత్రాల్లో, తమ శరీరం మీద అసంతృప్తి ఉన్న ప్రతి ముగ్గురు టీనేజ్ అమ్మాయిల్లో ఒకరికి ఇన్‌స్టాగ్రామ్ దాన్ని ఇంకా పెంచుతోందని ఉంది. ఆ అమ్మాయిలు చూసినవి అశ్లీల వీడియోలేమీ కావు. తోటి అమ్మాయిల ఫోటోలు. ఏ ఫిల్టరూ వాటిని ఆపదు.

ఈ చూపుల గొడవ గురించి యేసు కొండమీది ప్రసంగంలో సూటిగానే మాట్లాడాడు. మత్తయి ఆరో అధ్యాయం తెరిచి చూడండి. దానధర్మం, ప్రార్థన, ఉపవాసం, మూడూ మంచి పనులే. మూడింటికీ ఒకటే షరతు: రహస్యంగా చేయి. మనుషులకు కనబడాలని చేసేవారి గురించి మూడుసార్లూ ఒకటే మాట, 'వారు తమ ఫలము పొందియున్నారు'. అంటే కూలి చేతికందింది, ఇక రావలసిందేమీ లేదు. లైక్‌కి ఇంతకంటే కచ్చితమైన వివరణ నాకెక్కడా దొరకలేదు. ఇప్పుడు పదహారేళ్ల భక్తిపరురాలి స్టేటస్ చూడండి. తెరిచిన బైబిల్, దాని మీద ఏటవాలుగా పడే ఎండ, రంగు పెన్నుతో గీత గీసిన వాక్యం, కింద 'దేవునితో నా ఉదయం'. ఆ ఫోటో కుదరడానికి బైబిల్ నాలుగుసార్లు జరపాల్సి వచ్చి ఉంటుంది. ఉపవాసానికి 'మూడో రోజు' అని కౌంట్‌డౌన్ పెట్టేవాళ్లున్నారు. వీళ్లను వేషధారులని తిట్టడం అన్యాయం. ఎవరూ చూడని ప్రార్థన ఒకటుంటుందని, దానికి రుచి ఉంటుందని వాళ్లకు ఎవరూ చూపించలేదు. గదిలోకి వెళ్లి తలుపేసుకో అన్నాడు ప్రభువు. పిల్లలు తలుపేసుకునే వెళ్తున్నారు, జేబులో వెయ్యిమందిని వెంటేసుకుని.

దీనికి వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు. మనుషుల ముందు మీ వెలుగు ప్రకాశించనివ్వండి అని కూడా అదే ప్రసంగంలో ఉంది కదా, అచ్చుయంత్రాన్ని వాడుకోలేదా, రేడియోను వాడుకోలేదా, సువార్తకు రీల్స్ ఎందుకు పనికిరావు? సరైన ప్రశ్నే. వీళ్లు తరచూ చూపే ఉదాహరణ కార్లో అకూటిస్. యూకరిస్ట్ (ప్రభు భోజన సంస్కారం) అద్భుతాలను సేకరించి వెబ్‌సైట్ తయారుచేసిన ఇటలీ కుర్రాడు, పదిహేనేళ్లకే లుకేమియాతో చనిపోయాడు, 2025 సెప్టెంబర్ 7న పోప్ లియో 14 అతన్ని పునీతుడిగా ప్రకటించారు. కేథలిక్ సిద్ధాంతంతో ఏకీభవించని వాళ్లు కూడా ఒక విషయం గమనించాలి. కార్లో చనిపోయింది 2006 అక్టోబర్‌లో. అప్పటికి లైక్ బటన్ లేదు. ఫేస్‌బుక్ అందరికీ తెరుచుకుని మూడు వారాలు కూడా కాలేదు. వీడియో గేములకు వారానికి గంట అని తనకు తానే హద్దు పెట్టుకున్నాడని చెబుతారు. ఆ కుర్రాడు పనిచేసింది చప్పట్లు వినబడని గదిలో. అతని ఉదాహరణ నా వాదనకే సాక్ష్యం చెబుతోంది.

ఇంట్లో జరుగుతున్న పొరపాటు దీనికి అద్దంలో బొమ్మ. లోకం చూపుల నుంచి పిల్లల్ని కాపాడదామని తల్లిదండ్రులు ఇంకో చూపును తెచ్చి పెడుతున్నారు. ఫోన్ తెరను స్క్రీన్‌షాట్లు తీసి నాన్నకో యూత్ లీడర్‌కో పంపే సాఫ్ట్‌వేర్లు క్రైస్తవ కుటుంబాలకోసమే ప్రత్యేకంగా అమ్ముతున్నారు. పన్నెండేళ్ల పిల్లవాడి ఫోన్‌కి తాళాలు వేయాల్సిందే, అందులో వాదన లేదు. పదిహేడేళ్ల వాడికి కూడా అదే మందు అంటే మాత్రం వాడు నేర్చుకునేది పరిశుద్ధత కాదు, నటన. చూసేవాళ్లున్నప్పుడు ఒకలా, లేనప్పుడు ఇంకోలా. రెండో ఖాతా తెరవడం పిల్లలకు ఐదు నిమిషాల పని. 139వ కీర్తనలో దావీదు దేవుడు తనను కూర్చున్నప్పుడూ లేచినప్పుడూ చూస్తున్నాడని పాడుతూ చివరికి 'నన్ను పరిశోధించు' అని తనే అడుగుతాడు. స్క్రీన్‌షాట్ల సాఫ్ట్‌వేర్‌ని అలా పిలిచి అడిగిన టీనేజర్ ఉంటాడా?

ఈ నిఘా ఫలితం ఒక భయంకరమైన రాత్రి బయటపడుతుంది. అమ్మాయిలా నటించి టీనేజ్ అబ్బాయిల దగ్గర నగ్న చిత్రాలు తీసుకుని, డబ్బివ్వకపోతే బంధువులకు పంపుతామని బెదిరించే ముఠాల గురించి ఎఫ్‌బీఐ 2022లో హెచ్చరించింది. ఆత్మహత్యలు జరిగాయి. ఆ ముఠాలు నమ్ముకున్నది ఒక్కటే, ఈ పిల్లాడు ఇంట్లో చెప్పలేడన్నది. భక్తిగల ఇంటి పిల్లాడైతే వాళ్లకు మరీ సులువు. వాడికి సిగ్గుతో పాటు సంఘంలో నాన్న పరువు కూడా గుర్తొస్తుంది. 'ఏం జరిగినా నాకు చెప్పు, ఫోన్ లాక్కోను, ముందు నిన్ను కాపాడుకుంటాను' అని ఆ రాత్రికి చాలా ముందే చెప్పి ఉంచిన ఇంట్లో పిల్లాడు తలుపు కొడతాడు. డబ్బు ఇవ్వకూడదు, మెసేజీలు చెరిపేయకూడదు, ఖాతాను రిపోర్ట్ చేసి పోలీసులకు చెప్పాలి. ఇది యూత్ మీటింగ్‌లో చెప్పాల్సిన మొదటి పాఠం. నేను విన్న ప్రసంగాల్లో ఎక్కడా వినలేదు.

తప్పు చేశానని చెప్పుకునే చోటు లేకపోవడం వల్లే ఇంకో విచిత్రం జరుగుతోంది. 'దేవుడు నన్ను క్షమిస్తాడా', 'నాకు సందేహాలొస్తున్నాయి, నేను విశ్వాసినేనా' లాంటి ప్రశ్నలు పిల్లలు పాస్టర్‌గారిని వదిలేసి ఏఐ చాట్‌బాట్‌ని అడుగుతున్నారు. అది తిట్టదు, ఆశ్చర్యపోదు, అమ్మకు ఫోన్ చేయదు. యేసు చెప్పిన రహస్యపు గది కోసం వెతికి వెతికి వాళ్లు అక్కడికి చేరారు. ఆ గదికి యజమాని ఒక కంపెనీ అని, మాటలన్నీ ఎక్కడో నిల్వ ఉంటాయని వాళ్లకు చెప్పాలి. అంతకంటే ముందు మన తలుపు ఎందుకు తట్టలేదో మనం అడగాలి.

ఇక అసలు విషయానికొస్తాను. పిల్లలకు కనబడాలన్న తపన అంటించింది కంపెనీలే అని మనం అనుకుంటున్నాం. సంఘం వాటా తక్కువేం లేదు. 2020లో చర్చిలు మూతపడ్డప్పుడు లైవ్ తప్పనిసరైంది. తలుపులు తెరుచుకున్నాక కూడా కెమెరా వెళ్లలేదు. ఇప్పుడు ఆరాధన సగంలో ఉండగా ఎంతమంది లైవ్‌లో ఉన్నారో వేదిక మీంచి చదువుతున్నారు. ప్రసంగం థంబ్‌నెయిల్ మీద కాపరి నోరు తెరిచిన ముఖం, ఎర్ర బాణం, 'ఇది వింటే వణికిపోతారు'. దావీదు చివరి రోజుల్లో జనాన్ని లెక్కపెట్టించాలనుకున్నప్పుడు, కరుకు సేనాధిపతి యోవాబు కూడా ఇది దేనికని అడ్డుపడ్డాడు. మన మీడియా కమిటీల్లో ఒక్క యోవాబైనా కనబడడు. గిద్యోను సైన్యాన్ని 32 వేల నుంచి 300కు తగ్గించిన దేవుణ్ణి ఆరాధిస్తూ మనం 300 వ్యూస్ వస్తే చిన్నబోతున్నాం. మార్కు మొదటి అధ్యాయంలో, తెల్లవారకముందే ఒంటరిగా ప్రార్థిస్తున్న యేసు దగ్గరికి శిష్యులు పరుగెత్తుకొచ్చి అందరూ నిన్ను వెదుకుతున్నారంటారు. ఇవాళ్టి భాషలో ట్రెండింగ్‌లో ఉన్నారు గురువుగారూ అని. ఆయన జవాబు, ఇతర ఊళ్లకు వెళ్దాం పదండి. ఈ భాగం మీద ప్రసంగాలకు కొదవలేదు, అవి కూడా లైవ్‌లోనే వస్తాయి.

ఇందులో నాకు అన్నిటికంటే మింగుడుపడనివి రెండు సంగతులు. ఒకటి, మీడియా టీమ్. సంఘంలో చురుకైన టీనేజర్‌ని ఏరి కెమెరా దగ్గరో లాప్‌టాప్ దగ్గరో కూర్చోబెడతాం. పరిచర్య చేస్తున్నాడని మురిసిపోతాం. అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నప్పుడు వాడు కామెంట్లు చూస్తుంటాడు, ఆడియో సరిచేస్తుంటాడు. ఏడాదిపాటు ఒక్క ఆదివారం కూడా వాడు కళ్లు మూసుకుని ఉండడు. అందరిలోకీ దేవుడికి దగ్గరున్నాడని మనం అనుకునే పిల్లాడు ఆరాధనను తెర మీదే చూస్తున్నాడు.

రెండోది ఇంకా ఘోరం. యూత్ రిట్రీట్ ఆఖరి రాత్రి ఒక అమ్మాయి లేచి నిలబడి, ఏడుస్తూ, తన గతం గురించి సాక్ష్యం చెబుతుంది. అక్కడున్నది ఏభై మంది స్నేహితులు. ఆ ధైర్యం ఆ ఏభై మందిని నమ్మి వచ్చింది. మర్నాటికి అది నేపథ్య సంగీతంతో, సంఘం పేజీలో రీల్. పదిహేనేళ్ల పిల్ల ఒప్పుకోలు మీద మనకు వ్యూస్. పాతికేళ్లకు ఉద్యోగానికో పెళ్లికో వెళ్లినప్పుడు ఆ వీడియో ఇంకా అక్కడే ఉంటుంది. ఆమెను అడిగారా? అడిగినా, దేవుని మహిమ కోసం అంటే ఆ వయసులో ఎవరు వద్దంటారు? లోకం పిల్లల్ని సరుకుగా వాడుకుంటోందని ఆదివారం గొంతు చించుకునే సంఘం సోమవారం చేసిన పని ఇది.

కనుక ముందు పెద్దలు మొదలుపెట్టాలి. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం పిల్లలకు వాక్యం నేర్పడానికి చెప్పిన వేళలు నాలుగు: ఇంట కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. ఫోన్ ఆక్రమించినవి సరిగ్గా ఆ నాలుగే, ముందు నాన్న చేతిలో, ఆ తర్వాతే కొడుకు చేతిలో. ఆ నాలుగింటిలో ఒక్కదాన్ని పెద్దలు వెనక్కి తీసుకున్నా పిల్లలకు స్క్రీన్ టైమ్ మీద సగం ప్రసంగాలు అవసరం పడవు. బైబిల్ యాప్‌లో వరుసగా ఇన్ని రోజులు చదివానన్న స్ట్రీక్ గురించి పిల్లలతో మాట్లాడండి. ఒక రోజు తప్పితే వాళ్లకు బాధ కలుగుతున్నది దేవుడితో గడపనందుకా, సంఖ్య సున్నాకు పడిపోయినందుకా అని అడగండి. వాళ్లే చెప్తారు, నిజాయితీగా.

సంఘం వైపు నుంచి నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. మంచాన పడ్డవాళ్లకు, దూరాన ఉన్నవాళ్లకు లైవ్ కావాలి, ఉంచండి. వేదిక మీంచి సంఖ్యలు చదవడం ఆపండి. మైనర్ల సాక్ష్యాలను, కన్నీళ్లను ఆన్‌లైన్‌లో పెట్టకూడదని సంఘ నియమాల్లో రాసుకోండి, ఇప్పటికే పెట్టినవి తీసేయండి. మీడియా టీమ్ పిల్లల్ని వంతులవారీగా కెమెరా వెనక నుంచి బెంచీ మీదికి పంపండి, ఆ ఆదివారం వంతు పెద్దల్లో ఒకరు తీసుకోండి. లైకుల సంఖ్య దాచుకునే సదుపాయం ఇన్‌స్టాగ్రామ్ 2021 నుంచే ఇచ్చింది. సంఘం పేజీకి దాన్ని పెట్టడానికి కమిటీ తీర్మానం కూడా అక్కర్లేదు. పాస్‌వర్డ్ ఎలాగూ ఆ పదహారేళ్ల కుర్రాడి దగ్గరే ఉంది, ఈ ఆదివారమే అడగండి.