కాలికి లేని గేటు చక్రానికెందుకు?

అమెరికాలో అడవులు మూసేస్తున్నారట. ఈ మాట నాది కాదు. ఈశాన్య ఆరెగాన్‌లో కౌంటీ మీటింగు పెడితే, మైకు అందుకున్నవాళ్లలో సగం మంది చెప్పేది ఇదే.

అంత అడవిని ఎలా మూస్తారని ఆశ్చర్యపోకండి. అక్కడి వాల్లోవా-విట్‌మన్ నేషనల్ ఫారెస్ట్ ఒక్కటే 20 లక్షల ఎకరాల పైమాట. అయినా మూశారు. రోడ్డుకు అడ్డంగా ఒక ఇనప కమ్మీ, దానికో తాళం. కమ్మీ పక్కన కాస్త సందు. ఆ సందులోంచి మనిషి నడిచిపోవచ్చు, గుర్రం పోవచ్చు, పిల్లాజెల్లా కుక్కతో సహా పోవచ్చు. పోలేనిది ఇంజన్ ఒక్కటే. దీన్నే అక్కడ 'ప్రజలను అడవిలోంచి గెంటేయడం' అంటారు.

నవ్వకండి. ఈ వ్యాసం నేను ఆ ప్రజల పక్షానే రాస్తున్నాను. ప్రయాణ సాధనంగా కాలు రద్దయి చాలా ఏళ్లయింది. ఆ కబురు అటవీ శాఖకు ఇంకా అందలేదు, అదీ గొడవ.

అసలు ఆ రోడ్ల కథ వినాలి. అమెరికా నేషనల్ ఫారెస్టుల్లో రోడ్లన్నీ కలిపితే 3 లక్షల 70 వేల మైళ్ల దాకా తేలతాయి. ఆ దేశం గొప్పగా చెప్పుకునే ఇంటర్‌స్టేట్ హైవేలన్నీ కలిపినా 50 వేల మైళ్లు దాటవు. అడవి రోడ్లను వరసగా పేర్చుకుంటూ పోతే చందమామ దాకా వేసి, ఇంకో లక్ష మైళ్లు పైన మిగుల్చుకోవచ్చు. ఇవేవీ షికార్ల కోసం వేసినవి కావు. చాలావరకు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కలప లారీల కోసం వేసినవి. దుంగలు వెళ్లిపోయాయి, చాలాచోట్ల మిల్లులూ మూతపడ్డాయి, రోడ్లు మాత్రం ఉండిపోయాయి. ఖాళీ రోడ్డును చూస్తూ చేతులు కట్టుకుని కూర్చోవడం మోటారున్న మనిషి వల్ల అవుతుందా?

ప్రభుత్వం కూడా సమస్యను సకాలంలోనే గుర్తించింది. 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ ఉత్తర్వు ఇచ్చాడు: రోడ్డు వదిలి అడవుల్లో తిరిగే మోటారు బండ్లు ఎక్కడ తిరగాలో, ఎక్కడ తిరగకూడదో గీత గీయండి, నేలకూ నీళ్లకూ జంతువులకూ తోటి మనుషులకూ ఇబ్బంది వీలైనంత తగ్గేలా చూడండి అని. 1977లో అధ్యక్షుడు కార్టర్ దాన్ని ఇంకా బిగించాడు. అటవీ శాఖ ఆలోచనలో పడింది. ఆలోచించి, ఆలోచించి, 2005 నవంబరులో నిబంధన తెచ్చింది. మధ్యలో గడిచింది 33 ఏళ్లే. మరీ తొందరపడ్డారని బాధపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఆ నిబంధన ప్రకారం ప్రతి ఫారెస్టూ ఒక మ్యాపు వెయ్యాలి. పేరు మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్. ఉచితంగా ఇస్తారు. నలుపు తెలుపుల్లో ఉంటుంది. కొండ ఏదో లోయ ఏదో అందులో తెలియదు. గీతలూ చుక్కలూ నంబర్లూ, అంతే. మ్యాపులో ఉన్న రోడ్డు తెరిచినట్టు, లేని రోడ్డు మూసినట్టు. అడవిలో బోర్డు ఉన్నా లేకపోయినా మాట మ్యాపుదే. ఇందులో నాకు గొప్ప పరిపాలనా దక్షత కనిపిస్తుంది. పాత పద్ధతిలో బోర్డు పాతితే, వేట సీజన్ అయ్యేసరికి దానికి తూటాల చిల్లులు పడేవి. మ్యాపును ఎవరూ కాల్చరు. ఎవరూ విప్పి చూడరు కూడా అనుకోండి, అది వేరే సంగతి.

ఇక బండ్ల కులగోత్రాలు. నంబర్ ప్లేటున్న జీపు కంకర రోడ్డు మీద దర్జాగా పోవచ్చు. ప్లేటు లేని ఏటీవీ, అంటే నాలుగు లావు చక్రాల బైకులాంటి బండి, అదే రోడ్డు మీద పోవాలంటే, కార్లూ ఇదీ కలిసి తిరిగితే ఎవరి ప్రాణం మీదికి వస్తుందో ఇంజనీర్లు ముందు లెక్కలు కట్టాలి. ఒక రాష్ట్రంలో ప్లేటిస్తారు, పక్క రాష్ట్రంలో ఇవ్వరు. ఎలక్ట్రిక్ సైకిల్‌ది మరీ దిక్కుమాలిన స్థితి. పెడల్ తొక్కినా దాన్ని మోటారు బండి కిందే కడతారు. వీటన్నిటికీ పెద్దన్నలాంటిది సైడ్-బై-సైడ్ అనే బండి. స్టీరింగు, సీటు బెల్టు, నెత్తిమీద ఇనప పంజరం. అడవి బాటల్లో చాలావాటికి వెడల్పులో పాత కొలత 50 అంగుళాలు. 2007లో పొలారిస్ కంపెనీ మొదటి ఆర్‌జడ్‌ఆర్ బండిని సరిగ్గా ఆ కొలతకే కుదించి తెచ్చింది. తర్వాత బండి బలిసింది. 64 అంగుళాలైంది, 72 దాటింది. బాట మాత్రం 50 దగ్గరే ఆగిపోయింది. తప్పు ఎవరిదో నేను వేరే చెప్పాలా? ఎదుగూ బొదుగూ లేని బాటదే.

ఈ కొత్త బండ్లలో కొన్నిటికి 225 హార్స్ పవర్ ఉంటుంది. అటవీ శాఖ వివక్ష ఎలాంటిదో చూడండి: ఒక్క గుర్రం వస్తే కమ్మీ పక్కనుంచి పోనిస్తారు, 225 గుర్రాలు ఒకే బానెట్ కింద కలిసికట్టుగా వస్తే ఆపేస్తారు. ఐకమత్యానికి ఇదా గౌరవం?

బండ్ల పక్షానికి బలమైన ఆయుధం మోకాళ్లు. మీటింగుల్లో ఎప్పుడూ ముందు వరసలో నిలబెట్టేది మోకాళ్లు అరిగిన తాతను. ఆయన యాభై ఏళ్లుగా వేటకు పోయే చోటుకు ఇప్పుడు నడవలేడు, బండి లేకపోతే ఎలా అంటారు. నిజమే. కట్టెలు కొట్టుకుని చలికాలం వెళ్లదీసేవాళ్లున్నారు, హకల్‌బెర్రీ పళ్లు ఏరుకునేవాళ్లున్నారు, పశువుల్ని అడవిలో మేపుకునేవాళ్లున్నారు. వీళ్లెవరిదీ సరదా కాదు, వీళ్ల మాట కొట్టిపారేయకూడదు కూడా. నాకు అర్థం కానిది ఒక్కటే. ఈ బండ్ల ప్రకటనలు చాలా చూశాను. అందులో బండి ఇసక దిబ్బ మీంచి గాల్లోకి ఎగురుతుంది, బురదలో గిరగిరా తిరుగుతుంది, నల్ల కళ్లద్దాల కుర్రాడు కేకలేస్తాడు. ఒక్క ప్రకటనలోనూ ఆ తాత కనిపించలేదు. బహుశా ఆయన మీటింగులోనే ఉండిపోయాడేమో.

అవతలి పక్షం మాత్రం తక్కువ తిన్నదా? పర్యావరణ ప్రేమికుడు పోర్ట్‌లాండ్‌లో పొద్దున్నే లేచి, రెండున్నర టన్నుల ఎస్‌యూవీ మీద కయాక్ కట్టి, 260 మైళ్లు ఇంధనం కాల్చుకుంటూ ఈ అడవి పక్కనున్న లా గ్రాండ్ ఊరు చేరి, అక్కడి నుంచి అడవి రోడ్డు ఎక్కి, రోడ్డు ఆగిపోయినచోట బండి దిగుతాడు. దిగిన క్షణం నుంచీ ఆయనకు మోటారు చప్పుడు పడదు. రోడ్డు సరిగ్గా ఆయన కారు ఆగిన చోటు దాకా ఉండాలి, ఒక్క అడుగు కూడా ముందుకు పోకూడదు. పోర్ట్‌లాండ్ పక్కనున్న హిల్స్‌బరో చిప్ కంపెనీల్లో పనిచేసే మన తెలుగువాళ్లు ఈ విషయంలో ఏ పక్షానికీ అన్యాయం చేయరు. ఒక లాంగ్ వీకెండ్ సైడ్-బై-సైడ్ అద్దెకు తీసుకుని దుమ్ము రేపుతారు, తర్వాతి లాంగ్ వీకెండ్ ట్రెకింగ్‌కు పోయి 'ప్రకృతి ఒడిలో' అని స్టేటస్ పెడతారు.

మధ్యలో ఎల్క్ దుప్పులున్నాయి. వాటి అభిప్రాయం కూడా తీసుకున్నారు, కాకపోతే జీపీఎస్ పట్టీల ద్వారా. అదే వాల్లోవా-విట్‌మన్‌లో స్టార్కీ అనే పరిశోధన అడవి ఉంది. 1987లో ఎనిమిదడుగుల కంచె కట్టి, దాదాపు 40 చదరపు మైళ్ల అడవిలో ఎల్క్‌ల మీద అధ్యయనం మొదలుపెట్టారు. ఏటీవీలు తిరిగితే ఏం చేస్తాయి, సైకిళ్లొస్తే ఏం చేస్తాయి, నడిచేవాళ్లొస్తే, గుర్రాలొస్తే ఏం చేస్తాయి అని విడివిడిగా చూశారు. ఏటీవీలొచ్చినప్పుడు అవి మేత మానేసి తిరగడం ఎక్కువైంది. సైకిళ్లకూ బెదిరాయి. కాలినడక వాళ్లను చూసి కూడా తప్పుకున్నాయి. అంటే ఎల్క్ దృష్టిలో పవిత్రులెవరూ లేరు, అందరూ రాకుండా ఉంటేనే మంచిది. ఇంత నిష్పక్షపాతమైన తీర్పు మళ్లీ ఏ కోర్టులోనూ రాలేదు. అందుకే కాబోలు ఇరుపక్షాలూ ఆ నివేదికలో తమకు పనికొచ్చే పేరా మాత్రమే చదువుతాయి.

వేటగాళ్ల తర్కం ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఎల్క్‌ల దగ్గరికి పోవాలంటే రోడ్లు కావాలి. రోడ్ల మీద బండ్లు పెరిగితే ఎల్క్‌లు రోడ్లకు దూరంగా జరుగుతాయి, చివరికి గేటూ కంచే ఉన్న ప్రైవేటు రాంచుల్లో, అంటే పశువుల్ని పెంచే పొలాల్లో చేరతాయి. అక్కడికి వేటగాణ్ని రానివ్వరు, రాంచు యజమానేమో గడ్డి మోపులు తినేస్తున్నాయని మొత్తుకుంటాడు. పబ్లిక్ అడవిలో ఎల్క్ లేదు కాబట్టి ఇంకా లోపలికి వెతకాలి, వెతకాలంటే ఇంకో రోడ్డు తెరవాలి. ఈ వాదనలో తప్పు చూపించగలిగినవాడు నాకింకా తగల్లేదు.

2012 మార్చిలో వాల్లోవా-విట్‌మన్ ఫారెస్టు అధికారులు సాహసించారు. ఏళ్ల తరబడి చర్చలు జరిపి, దాదాపు 4 వేల మైళ్ల రోడ్లను బండ్లకు మూసే ప్రణాళిక ప్రకటించారు. అప్పటిదాకా ఆ అడవిలో చాలా భాగంలో రోడ్డే అక్కర్లేదు, బండి ఎటు తిప్పితే అటే దారి. ఊళ్లన్నీ భగ్గుమన్నాయి. ఏప్రిల్ నెల గడవకముందే ప్రణాళిక వెనక్కి పోయింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న సామెతను ఇంగ్లీషులో ఏమంటారో తెలియదు కానీ, అటవీ శాఖలో చేరినవాళ్లకు మొదటి వారంలోనే నేర్పితే మంచిది.

ఆ గొడవల్లో పదే పదే వినిపించిన మాట తాతల నాటి హక్కు. ఇక్కడ నేను కూడా కాస్త గంభీరంగా మాట్లాడాలి, ఎందుకంటే ఆ అడవి పక్కనున్న వాల్లోవా లోయలో తాతల లెక్క తీయడం మంచిది కాదు. ఆ లోయ నెజ్ పెర్స్ అనే ఆదివాసీ జాతివాళ్ల నేల. 1877లో సైన్యాధికారి జనరల్ హోవార్డ్ వాళ్లకు ఖాళీ చేయమని 30 రోజుల గడువిచ్చాడు. వాళ్ల నాయకుడు చీఫ్ జోసెఫ్ పేరు ఇప్పుడు ఆ లోయలో ఒక ఊరికి పెట్టారు. ఈనాటి రోడ్ల ప్రతిపాదనల మీద ప్రజాభిప్రాయానికి ఇచ్చే గడువు కూడా చాలాసార్లు 30 రోజులే. కాకపోతే అప్పుడు అభిప్రాయం అడగలేదు. 1950ల నాటి కలప రోడ్డు మూస్తే పుట్టినగడ్డ లాక్కున్నట్టేనని ఆ ఊళ్లో నిలబడి చెప్పాలంటే మామూలు గుండె చాలదు.

ఢిల్లీలాగే వాషింగ్టన్ కూడా దూరంగానే ఉంటుంది గానీ, అప్పుడప్పుడు అక్కడా దయ కలుగుతుంది. 2001లో క్లింటన్ దిగిపోయే ముందు 5 కోట్ల 85 లక్షల ఎకరాల అడవిలో కొత్త రోడ్లు వేయకూడదని నిబంధన పెట్టారు. 2025లో వ్యవసాయ మంత్రి బ్రూక్ రోలిన్స్ దాన్ని రద్దు చేస్తామన్నారు. అటవీ శాఖ వ్యవసాయ శాఖ కింద ఉంటుంది కాబట్టి ఈ మాట ఆవిడ చెప్పాల్సిందే. నాకు సంతోషమే. రోడ్డు లేని అడవి కూడా ఒక అడవేనా? చూడ్డానికి దారి లేకపోతే అది ఉన్నట్టు మాత్రం ఎలా నమ్మడం?

అయితే ఉన్న రోడ్లకే దిక్కులేదు. మరమ్మతుల బకాయి వందల కోట్ల డాలర్లకు చేరింది. తూములు పూడిపోయి, ఒక్క వానకు గట్టు తెగి రోడ్డు ఏట్లోకి జారుతుంది. అటవీ శాఖ పదేళ్లు మీటింగులు పెట్టి మూయలేని రోడ్డును వాన ఒక రాత్రిలో మూసేస్తుంది. అభిప్రాయ సేకరణ ఉండదు, అప్పీలు ఉండదు. మర్నాడు పొద్దున్న, ఫెడరల్ ప్రభుత్వం మా అడవిలో వేలు పెట్టడానికి వీల్లేదని నిన్నటిదాకా మైకులో అరిచినాయనే, ఫెడరల్ ప్రభుత్వం వెంటనే వచ్చి కొత్త తూము వేయాలని కాగితం పట్టుకుని బయల్దేరతాడు. ఆయనకు నా పూర్తి మద్దతు ఉంది. తూము మాత్రం 72 అంగుళాల బండి పట్టేంత వెడల్పుగా వేయమని నా మాటగా అందులో ఒక వాక్యం చేర్చమనండి.